క్రేయాన్ ముక్కలు

ఆమెకు అన్నిటికంటే పెద్ద భయం ఒకటే: తన కూతురి చదువు కూడా తన చదువులాగే సగంలో తెగిపోతుందని. దొంగలంటే భయం లేదు, చీకటంటే లేదు. అత్తగారంటే కొంచెం ఉంది గానీ అది అలవాటైపోయింది. ఈ భయం మాత్రం అలవాటు కాలేదు. పొద్దున ఆమె కళ్ళు తెరిచేసరికి అది ఆమెకంటే ముందే లేచి మంచం మీద కూర్చుని ఉంటుంది.

బడి మానెయ్యమని ఆమెను ఎవరూ అనలేదు. ఐదో తరగతిలో ఉండగా తమ్ముడు పుట్టాడు, ఓ వారం ఇంటి దగ్గర ఉండమన్నారు. ఆ వారం వెనకే ఇంకో వారం. మళ్ళీ బడికి వెళ్తే పాఠం ఎక్కడో ఉంది, తనెక్కడో ఉంది. వెనకబడ్డ పిల్లకి బెంచీ కూడా ముళ్ళకంపే. తనంతట తనే మానేసింది. అందుకే 'వెనకబడింది' అన్న మాట ఎవరి నోట విన్నా ఆమె చేతిలో పని అక్కడే ఆగిపోతుంది.

ఆ మాటే టీచరమ్మ పిట్ట గురించి అంది.

పిట్ట ఆమె కూతురు, ఒకటో తరగతి. పుట్టినప్పుడు గుప్పెడంతే ఉందని, సామాన్ల వ్యాను నడిపే వాళ్ళ నాన్న పెట్టిన ముద్దుపేరు. నోరు మాత్రం పిట్టంత కాదు. అంకెలు గడగడా చదువుతుంది, అడిగినదానికీ అడగనిదానికీ జవాబు చెబుతుంది. చేతికి పెన్సిలిస్తేనే వచ్చింది చిక్కంతా. రోకలి పట్టుకున్నట్టు గుప్పిట బిగించి పట్టుకుంటుంది. గీత గీస్తే కాగితం చిరుగుతుంది.

"పిల్ల తెలివైందేనమ్మా," అంది టీచరమ్మ గేటు దగ్గర. "చెయ్యే కాస్త వెనకబడింది. వేళ్ళకింకా పట్టు రాలేదు. అందుకే రోజూ రంగులు వేయిస్తున్నా. సెలవుల్లోపు దారిన పడితే సరే. లేదంటే ఈ ఏటికి చిన్నపిల్లల గదిలో కూర్చోబెడదాం. అందులో తప్పేం లేదు."

తప్పేం లేదన్న మాట ఆమె చెవిదాకా రాలేదు. చిన్నపిల్లల గది అన్నదగ్గరే ఆగిపోయింది.

ఇంట్లో చెబితే అత్తగారు బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "రంగులు పూసుకోవడానికా పిల్లని బడికి పంపేది? ఆ మాత్రానికి మన గోడలు లేవూ? సున్నం బకెట్టిచ్చి వదిలితే ఇల్లూ బాగుపడేది."

"నానమ్మా, గోడ మీద అంకెలుండవుగా!" అంది పిట్ట.

పిట్ట చెప్పింది నిజమే. టీచరమ్మ ఇచ్చే కాగితం మీద బాతో చేపో ఉంటుంది. దాన్ని గడులుగా విడగొట్టి, ఒక్కో గడిలో ఒక్కో అంకె వేసి ఉంటుంది. ఒకటి ఉన్నచోట పసుపు, రెండు ఉన్నచోట నీలం. అంకె చూసుకోవాలి, రంగు వెతుక్కోవాలి, గీత దాటకుండా నింపాలి. పిట్ట అంకె చూసేది, రంగూ సరిగ్గానే తీసేది. నింపబోతే మాత్రం నీలం చెరువు గట్టు తెంచుకుని బాతు ముక్కులోకి పోయేది.

ఒక సాయంత్రం గేటు దగ్గర ఇంకో పిల్లాడి తల్లి కలిసింది. పిట్ట బెంచీలోనే కూర్చుంటాడు ఆ పిల్లాడు. ఆవిడ కళ్ళజోడు పైకి తోసుకుని, గొంతు తగ్గించి అడిగింది. "ఏమీ అనుకోకండీ. మీ పాప దగ్గర రంగులు లేవా? ఎప్పుడు చూసినా ముక్కలతోనే వేస్తోందట. మావాడు చెప్పాడు. కావాలంటే మా ఇంట్లో పాత పెట్టె ఒకటుంది."

ఆమె నవ్వడానికి ప్రయత్నించింది. మూతి కదిలింది గానీ నవ్వు రాలేదు. ఇంటికి రాగానే పిట్ట సంచీ తీసి నేలమీద బోర్లించింది. ఒక చిన్న రేకు డబ్బా దొర్లుకుంటూ వచ్చింది. మూత తీస్తే అందులో క్రేయాన్ ముక్కలు. ఒక్కటీ బొటనవేలి గోరుకంటే పొడుగు లేదు. చుట్టూ ఉండాల్సిన కాగితం కూడా ఊడిపోయింది.

"ఎవరిచ్చారే ఇవి?"

"టీచరమ్మ. 'ఇవింక నీవే' అంది."

"మనమేం అడుక్కుతినేవాళ్ళం కాదు, ఇలా ముష్టి వేయించుకోవడానికి!"

అప్పుడే వెళ్ళి టీచరమ్మని అడగొచ్చు. ఆ సంగతి ఆమెకీ తెలుసు. కానీ టీచరమ్మ ఎదట నిలబడితే ఆమెకు నాలుక పిడచకట్టుకుపోతుంది. ఎంత వయసొచ్చినా ఆ గేటు దాటితే ఐదో తరగతే. అడగలేదు. ముక్కలన్నీ చెత్తబుట్టలో గుమ్మరించి, చెప్పులేసుకుని వీధి చివరి కొట్టుకి పోయి, పెద్ద పెట్టె ఒకటి కొనుక్కొచ్చింది. పొడుగాటి క్రేయాన్లు, బడికి వచ్చిన మొదటిరోజు పిల్లల్లా వరసగా నిలబడి ఉన్నాయి.

"రేపట్నుంచి వీటితోనే వెయ్యి. మళ్ళీ ముక్కలిస్తే తీసుకోకు. మా దగ్గరున్నాయని చెప్పు."

పిట్ట పెట్టెని గుండెలకి హత్తుకుంది. మర్నాడు ఆమె మనసు కాస్త కుదుటపడింది కూడా.

ఆ కుదురు నాలుగు పూటలు నిలవలేదు. బడినుంచి వచ్చే కాగితాలు మళ్ళీ చిరుగులతో రాసాగాయి. చేప పొట్టలో బెజ్జం, ఇంటికప్పు మీద బెజ్జం. గుప్పిట మళ్ళీ రోకలి పట్టే. ఆమెకు అర్థం కాలేదు. మంచి రంగులిస్తే పిల్ల చెయ్యి ఇంకా పాడవడమేమిటి? ఇక రోజూ సాయంత్రం పిట్ట పక్కన చతికిలబడి, చెయ్యి మీద చెయ్యి వేసి పట్టుకుని రుద్దించడం మొదలుపెట్టింది. "అలా కాదు. వేలు తియ్యి. ఆ వేలు కాదు, ఈ వేలు. అయ్యో, గీత దాటావు! చూడవేం?" పిట్ట కాగితం వైపు చూడటం మానేసి అమ్మ మొహం వైపు చూడటం మొదలుపెట్టింది. గీత దాటిందో లేదో అక్కడే తెలుస్తోంది మరి.

"అమ్మా, నువ్వు పట్టుకుంటే నా చెయ్యి నీదైపోతోంది," అందొకసారి.

ఆమె చేసే పని దర్జీ దుకాణంలో గుండీలు, కాజాలు కుట్టడం. ఆ రోజుల్లో సూది ఎక్కడ దిగుతోందో ఆమెకే తెలియడం లేదు. మాస్టరు ఒక చొక్కా పైకెత్తి వెలుతురులో తిప్పి చూపించాడు. "ఏమ్మా, గుండీలన్నీ లోపలివైపు కుట్టావు. ఇది వేసుకునేవాడు ముందు చొక్కాలో దూరాలా, గుండీలు పెట్టుకోవాలా?" మిషన్ల దగ్గర అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది, కాస్త ఆలస్యంగా.

అంతలో టీచరమ్మ నుంచి కబురొచ్చింది, బడి వదిలాక ఒకసారి రమ్మని.

దారి పొడుగునా మాటలు కూడబెట్టుకుంటూనే ఉంది. ఇలా అంటే అలా అంటాను, అలా అంటే ఇలా అంటాను. గది గుమ్మం ఎక్కేసరికి ఒక్కటీ మిగల్లేదు. పిల్లల కుర్చీలో కూర్చోమంది టీచరమ్మ. కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగిలాయి.

"మీ పిట్ట నాకో మాట చెప్పింది," అంది టీచరమ్మ. "'మేమేం అడుక్కుతినేవాళ్ళం కాదు టీచర్, మా అమ్మ చెప్పింది' అంది. క్లాసంతా విన్నారు."

ఆమెకు ఆ చిన్న కుర్చీ కింద ఇంకా చిన్న చోటేదైనా ఉంటే దూరిపోవాలనిపించింది. "నేనలా చెప్పమనలేదు మేడం. నేను నాలో నేను..." అని నసిగింది.

టీచరమ్మకి కోపం వచ్చినట్టు లేదు. బల్లమీద రెండు పెట్టింది, ఒక పొడుగాటి క్రేయాన్, ఒక గోరంత ముక్క. "ముందు పొడుగుదాన్ని గుప్పిట్లో పట్టుకోండి. పట్టుకోగలిగారా? ఇప్పుడా ముక్కని గుప్పిట్లో పట్టుకుని రంగు వెయ్యండి చూద్దాం."

ఆమె పట్టుకుంది. ముక్క కాస్తా అరచేతిలో మాయమైంది. కాగితానికి పిడికిలే తగిలింది గానీ రంగు తగల్లేదు. మళ్ళీ తీసి, బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కలిపి పట్టుకుంది. ఇంకోలా పట్టుకోవడానికి చోటే లేదు. ఇంట్లో ఎంత గింజుకున్నా పిట్ట చేత పట్టించలేకపోయిన పట్టు, అచ్చంగా అదే.

"అందుకేనమ్మా ముక్కలు. ఎవరూ చెప్పక్కర్లేదు, ముక్కే చెబుతుంది వేళ్ళకి. మొదటిరోజే అందరివీ కలిపి నేనే విరిచి పంచాను. ఆ కళ్ళజోడు ఆవిడ కొన్న పెట్టె కూడా. ఆవిడింకా చూసుకున్నట్టు లేదు, మీరు చెప్పకండి." టీచరమ్మ నవ్వబోయి ఆమె మొహం చూసి ఆపుకుంది. "పిట్టకి మూడు వేళ్ళూ కలవడం మొదలైంది. కొత్త పెట్టె వచ్చాక మళ్ళీ మొదటికొచ్చింది. విరుద్దామంటే అమ్మ కొట్టుద్దని ఏడ్చింది. అదీ పిలిచిన సంగతి."

చేజేతులా. ఆమెకు ఆ ఒక్క మాటే తోచింది. పిల్ల వెనకబడుతుందేమోనని భయపడి భయపడి, పిల్లని వెనక్కి లాగింది తనే. ఈసారి నాలుక పిడచకట్టలేదు. "మరిప్పుడు? చిన్నపిల్లల గదేనా?" అని అడిగేసింది.

"శుక్రవారం మళ్ళీ చూస్తాను. ఒక బొమ్మ ఇస్తాను, పూర్తిగా తనే వెయ్యాలి. చిరక్కుండా, వేళ్ళతో వేస్తే ఇక్కడే ఉంటుంది. నేను మాట ఇవ్వలేను. మీరు రెండు పనులు చెయ్యండి. ఆ పెట్టెలోవి విరవండి. ఇంకోటి..." టీచరమ్మ బల్లమీది ముక్కని తీసి పక్కన పెట్టింది. "పక్కన కూర్చోకండి. ఇంట్లోనూ వద్దు. శుక్రవారం ఇక్కడ కిటికీ దగ్గరికి అసలు రావద్దు. మీరు కనిపిస్తే పిల్ల వేళ్ళు బిగుసుకుంటాయి."

ఇంటికొచ్చి పెట్టె ముందేసుకుంది. మొదటిది విరవడానికి చెయ్యి రాలేదు. టప్‌మని విరిగాక రెండోది తేలికైంది. అత్తగారు గుమ్మంలోంచి చూసి, "అయ్యో అయ్యో, మతిగానీ పోయిందా? కొత్తవే అవి!" అని కేకేసింది.

"మతి ఇప్పుడే వచ్చింది అత్తయ్యా. మీరూ ఓ నాలుగు విరవండి."

అత్తగారు గొణుక్కుంటూనే కూర్చుంది. చేతికి ఎర్రది వస్తే చూసి చూసి విరిచింది. ఇంకోటి విరిచింది. మూడోదానికి ఎవరూ అందించక్కర్లేకపోయింది. పిట్ట మాత్రం దూరంగా నిలబడి, కొడతారా కొట్టరా అని ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. తర్వాత వచ్చి తనూ ఒకటి విరిచి, ఆ చప్పుడుకి పకపకా నవ్వింది.

రెండో పని ఎంత కష్టమో ఆ సాయంత్రాల్లోనే తెలిసింది. పిట్ట గదిలో బొమ్మ వేస్తుంటే ఆమె వంటింట్లో కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది. ఉతికిన బట్టలు మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టింది. "అమ్మా, చూడు!" అని పిలుపొచ్చినప్పుడే వెళ్ళింది. ఒక కాగితం చిరగలేదు. ఇంకోటి చిరిగింది. బాగుందనే అంది రెండిటికీ.

ఇవాళ శుక్రవారం. పొద్దున పిట్టని గేటు దగ్గర దింపి, వెనక్కి తిరిగి చూడకుండా దుకాణానికి వచ్చేసింది. ఒకసారి లేచి గుమ్మందాకా వెళ్ళింది, చెప్పుల్లో కాళ్ళు కూడా పెట్టింది. మళ్ళీ వచ్చి కూర్చుంది. ఒకే గుండీ కుడుతోంది, విప్పుతోంది, కుడుతోంది. ఆమె వెళ్ళదు. వెళ్తే ఆ చిన్న వేళ్ళు బిగుసుకుంటాయి.

మీరైతే వెళ్ళొచ్చు. మిమ్మల్ని పిట్ట ఎరగదు. అటువైపు ఏదైనా పని మీద పోతుంటే ఒకటో తరగతి కిటికీ దగ్గర ఒక్క నిమిషం ఆగండి. రెండు జడల్లో ఒకటి ఊడిపోయి, నాలుక బయటపెట్టి బొమ్మ వేస్తున్న పిల్ల కనిపిస్తే అదే మా పిట్ట. పలకరించకండి. చెయ్యి ఎలా పట్టుకుందో, మొహం ఎలా ఉందో, ఊరికే చూసి రండి.