బోటు రంగుల సైకిలు

సీసాపెంకుతో గీకుతున్నాడు రాజబాబు. బ్లేడుతో గీకితే ఉక్కు మీద గాట్లు పడతాయి. సీసాపెంకు రంగును ఊడదీస్తుందే కానీ లోహం జోలికి పోదు. ఫ్రేము దూలానికి కట్టిన తాడుకి వేలాడుతోంది. దాని కింద పొట్టి పీట మీద కూర్చుని, చిన్నప్పట్నుంచీ చచ్చుబడి పలచబడ్డ ఎడమ కాలు మడిచి, కుడి కాలు వీధిలోకి చాపి, మెడ పైకెత్తి మరీ గీకుతున్నాడు. ఊడిన రంగు పెళ్లలు చొక్కా జేబులో పడుతున్నాయి, నెరిసిన కనుబొమ్మల మీద పడుతున్నాయి. చేతికర్ర గోడకు ఆనించి ఉంది. దాని అడుగున రోడ్డు మీద జారకుండా పాత ట్యూబు ముక్క తొడిగాడు.

బందరు కోనేరు సెంటరు వెనక సందులో ఆ కొట్టు ఎప్పట్నుంచి ఉందో సందులోవాళ్లకే సరిగా గుర్తులేదు. బోర్డు లేదు. వేలాడే టైర్లే బోర్డు. మోటారు సైకిళ్లు వచ్చాక పక్క కొట్లవాళ్లు సెల్‌ఫోన్లకి మారారు, హెల్మెట్లకి మారారు. రాజబాబు దేనికీ మారలేదు. పట్టుదల అనుకునేరు, అదేం కాదు. మారాలనే ఆలోచన అతనికి రాలేదు, అంతే.

పొద్దున భార్య సువర్ణ అన్నం క్యారేజీ చేతికిస్తూ, "భుజం నొప్పన్నారుగా, ఇవాళ్టికి మానెయ్యకూడదూ?" అంది.

"ఆ ఒక్క అతుకే మిగిలింది సువర్ణా. పైకి చూసి గీకుతుంటే భుజం లాగదూ మరి?" అన్నాడు.

ఆ ఒక్క అతుకూ సీటు కిందిది. నిలువు గొట్టమూ అడ్డ గొట్టమూ, వెనక చక్రం నుంచి వచ్చే రెండు సన్న గొట్టాలూ కలిసే చోటు. ఎక్కినవాళ్ల బరువంతా అక్కడే పడుతుంది. మిగతా ఫ్రేమంతా గీకేశాడు, దీన్ని మాత్రం చివరికి ఉంచాడు. భయపడే ఉంచాడు.

ఈ సైకిలుని తనూజ నడిపించుకుంటూ తెచ్చిన రోజు దానికి టైర్లు లేవు, సీటు లేదు, చెయిను తుప్పు పట్టి కర్రలా బిగుసుకుపోయింది. ఒంటి నిండా పెచ్చులు పెచ్చులుగా రంగు. రాజబాబు ఒక్క చూపు చూసి, "పాత ఇనుము కింద తూకానికి వేసేయమ్మా" అన్నాడు.

"తూకానికి వేసేదైతే మీదాకా ఎందుకు తెస్తాను మావయ్యా?" అందా పిల్ల.

తనూజది గిలకలదిండి. బందరులో బట్టల కొట్లో పని. తల్లి సత్యవతి ఎండుచేపల గంప ఎత్తుకుని రోజూ బందరు బజారుకి వస్తుంది. గంప చూస్తే ఆటోవాళ్లు ఆపరు. ఆపినా ఎక్కినవాళ్లు ముక్కులు మూసుకుంటారు. అందుకని ఆమె నడిచే వస్తుంది, ఆ మోకాళ్లేమో ఇంక మావల్ల కాదంటున్నాయి. తండ్రి అప్పయ్య బతికున్నన్నాళ్లూ ఈ సైకిలు మీదే తీసుకొచ్చేవాడు. ఇప్పుడు తను పనికి వస్తూ తల్లినీ గంపనీ క్యారియర్ మీద తెచ్చుకుంటానంటుంది.

అంటే రోజూ ఇద్దరు మనుషులూ ఓ గంపా. ఆ అతుకు విరిగిందంటే తల్లీకూతుళ్లిద్దరూ రోడ్డున పడతారు. వెనక వచ్చే లారీ ఆగుతుందో ఆగదో ఎవరికి తెలుసు? తూకానికి వేసేయమన్నది అందుకే.

అతుకు విరిగితే ఏమవుతుందో రాజబాబుకి తెలుసు. చిన్నప్పుడు తండ్రి అతన్ని క్యారియర్ మీదే బడికి తీసుకెళ్లేవాడు. ఓ రోజు కాలవ వంతెన దిగుతుంటే సీటు కింద టప్పుమని చప్పుడైంది. సైకిలు రెండు ముక్కలైంది. తండ్రి చెయ్యి విరిగింది. పిల్లాడికి గీత కూడా పడలేదు. "నీకేం కాలేదుగా, పోన్లే" అన్నాడు తండ్రి, విరిగిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని. ఆ మాట విన్న దగ్గర్నుంచీ రాజబాబు మళ్లీ సైకిలెక్కలేదు, ముందూ కాదు, వెనకా కాదు. కాలు అలాంటిది కాబట్టి ఎక్కలేడని అందరూ అనుకున్నారు. అనుకోనిచ్చాడు. అసలు సంగతి సువర్ణ ఒక్కదానికే తెలుసు.

తన బట్టల కొట్టు తెరిచే వేళకి ముందు తనూజ వచ్చి నిలబడింది. రాజబాబు గీకడం ఆపి అతుకు అంచు చూపించాడు.

"ఏంటమ్మాయ్ ఇన్ని రంగులు? ఉల్లిపాయలాగా పొర కింద పొర. మీ నాన్నకి వేరే పని లేదా?"

తనూజ నవ్వింది. "ఏటా చేపలవేట ఆపే రోజుల్లో బోటుకి రంగేసేవాడు మావయ్యా. మిగిలింది పారబోయడం ఎందుకని దీనికి పూసేవాడు. బోటు ఏ రంగో సైకిలూ అదే రంగు."

"బోటుకి ఏడాదికో రంగా?"

"చేపలు బాగా పడితే అదే రంగు మళ్లీ వేసేవాడు. పడకపోతే ఆ రంగు కలిసిరాలేదని మార్చేసేవాడు."

ఆ పిల్ల పనికి వెళ్లిపోయింది. రాజబాబు సీసాపెంకు పక్కన పెట్టాడు. తర్వాత కళ్లజోడు తుడుచుకుని అతుకు అంచుని మళ్లీ చూశాడు. అన్నిటికంటే పైన పసుపు, ఒక్క పూత. దాని కింద ఎరుపు, ఒక్క పూత. నీలం, తెలుపు, మళ్లీ ఎరుపు, అన్నీ కాగితమంత పలచన. వాటికింద ఆకుపచ్చ. ఎంత మందంగా ఉందో ఆకుపచ్చ! పూత మీద పూత, అదే రంగు, ఏటేటా మార్చకుండా వేసిన రంగు. అంటే ఆ ఏళ్లన్నీ వలలు నిండాయన్నమాట. ఇంట్లో పొయ్యి మీద ఎసరు మరిగింది, సత్యవతి ముక్కుకి పుడక వచ్చింది, తనూజ పుట్టింది. తర్వాత సముద్రం ఏమనుకుందో ఏమో, ఇవ్వడం మానేసింది. అప్పయ్య ఏటా రంగు మార్చి అడిగి చూశాడు. నీలంతో అడిగాడు, ఎరుపుతో అడిగాడు, పసుపుతో అడిగాడు. పసుపు తర్వాత బోటు అమ్మేశాడు.

ఒక మనిషిని అతను పోయాక ఇంత దగ్గరగా చూడొచ్చని రాజబాబుకి ఇన్నేళ్లలో తట్టలేదు.

ఆకుపచ్చ కింద నలుపు తగిలింది. కంపెనీ వేసిన మొదటి నలుపు, దాని మీద సన్నటి బంగారు గీత. ఉప్పుగాలికి బందరులో కిటికీ ఊచలు కరిగిపోతాయి, గేట్లు కుంగిపోతాయి. ఈ గీత మాత్రం నిన్న గీసినట్టుంది. కలిసిరాలేదని తిట్టుకుంటూ వేసిన ఆ పూతలన్నీ కలిసి ఉక్కుని కాపాడాయి. పాపం అప్పయ్యకి ఈ సంగతి తెలీకుండానే పోయింది.

అయితే గీత పక్కనే, అతుకు మెడ చుట్టూ, వెంట్రుకంత చార కనబడింది. పగులో, నలుపు రంగులో వచ్చిన చారో చూస్తే తెలిసేది కాదు. అక్కడి నలుపు కూడా గీకేశాడు. చార ఉక్కు మీదా ఉంది.

దానికో పరీక్ష ఉంది. అతుకంతా కిరసనాయిలు పట్టించి నానబెట్టాడు. పొడిగుడ్డతో తుడిచాడు, మళ్లీ తుడిచాడు, తడి లేదని వేలితో చూసుకున్నాడు. తర్వాత సుద్దముక్క నూరి ఆ పొడిని అతుకు చుట్టూ అద్దాడు. లోపల పగులుంటే దాంట్లోకి దిగిన కిరసనాయిలు మెల్లగా పైకి ఊరుతుంది, తెల్లపొడి మీద తడి గీత పడుతుంది. పగులు లేకపోతే పొడి పొడిగానే ఉంటుంది. ఇంక చేసేదేం లేదు, కాచుకోవడమే.

పక్కన టీకొట్టు శోభనాద్రి గ్లాసు తెచ్చి ఇస్తూ, "ఏం రాజబాబూ, సైకిలుకి పౌడరు రాశావు? పెళ్లిచూపులా?" అన్నాడు.

"అట్లాంటిదే. ఒప్పుకుంటుందో లేదో చూడాలి."

ఓ పంక్చరు వేశాడు. ఎవరిదో బ్రేకు బిగించాడు. మధ్యాహ్నం క్యారేజీ విప్పి దోసకాయ పప్పు కలుపుకున్నాడు కానీ ముద్ద దిగలేదు. భుజం నొప్పి మోచేతి దాకా పాకింది. అన్నం సగంలోనే మూతపెట్టి, చెయ్యి కడుక్కుని, కర్ర పట్టుకుని లేచి వెళ్లి చూశాడు.

పొడి తెల్లగా ఉంది.

వెనక్కి తిప్పి చూశాడు. టార్చి వేసి చూశాడు. ఎక్కడా చుక్క తడి లేదు. ఆ చార, ఉక్కునీ ఉక్కునీ కలుపుతూ పోసిన ఇత్తడి అంచు. ఎవరో, ఏ ఊళ్లోనో, ఏ కొలిమి ముందో కూర్చున్నవాడు ఇత్తడిని సందు లేకుండా పారించాడు. ఆ మనిషి పేరు ఎవరికీ తెలీదు. బందరు గాలీ, తుఫానులూ, అప్పయ్య బరువూ, సత్యవతి గంపలూ అన్నీ పడ్డాక కూడా ఆ పని చెక్కుచెదరలేదు. రాజబాబుకి చేతులు జోడించాలనిపించింది. ఎవరైనా చూస్తారేమోనని ఊరుకున్నాడు. ఊరుకోలేక టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు, చర్చిలో ప్రార్థనప్పుడు తీసినట్టు.

ఆ తర్వాత పని పరుగెత్తింది. చక్రాల ఇరుసుల్లో గ్రీజు పెట్టి కొత్త బేరింగు గుళ్లు పేర్చాడు. చక్రం బెండు తీశాడు. తిరిగే రిమ్ము పక్కన బొటనవేలి గోరు పెట్టి, తగిలిన చోట ఓ స్పోకు పుల్ల బిగించి, ఇంకో పుల్ల వదిలి, గోటికీ రిమ్ముకీ మధ్య సందు ఒకేలా వచ్చేదాకా తిప్పాడు. టైర్లూ సీటూ బిగించాడు, కొత్త చెయిను వేసి దానికి నూనె పెట్టాడు. గీకిన చోట్ల, బంగారు గీత మీద పడకుండా, నల్లరంగు అద్దాడు. ముందు చక్రం పట్టే ఫోర్కు లోపలివైపు మాత్రం బొటనవేలంత మేర గీకకుండా వదిలేశాడు. పసుపు నుంచి నలుపు దాకా అప్పయ్య రంగులన్నీ అక్కడున్నాయి.

సాయంత్రం తనూజ వచ్చి సైకిలుని చూసింది. హ్యాండిల్ మీద చెయ్యి వేసి తీసేసింది, మళ్లీ వేసింది.

"ఎక్కనా మావయ్యా?"

"ఒక్కదానివీ ఎక్కితే ఏం తెలుస్తుందమ్మా? వెనక బరువుండాలి."

"నేను కూర్చోనా?" అన్నాడు శోభనాద్రి.

"వద్దు. నేను కూర్చుంటాను."

శోభనాద్రి గ్లాసు కడుగుతున్నవాడు కడుగుతున్నట్టే ఆగిపోయాడు. "నువ్వా?"

"అతుకు బాగుందన్నది నేను కదా. విరిగితే నేనే పడాలి" అన్నాడు రాజబాబు. భయం భయంగానే ఉంది, కానీ ఆ అతుకుని చూశాక ఎక్కకుండా ఉండటం కూడా చేతకాలేదు.

"కర్ర తెచ్చుకోండి మావయ్యా."

"క్యారియర్ మీద కర్ర ఎందుకమ్మా? మీ అమ్మకి చూపించి వచ్చేస్తాంగా. శోభనాద్రీ, కొట్టు కాస్త చూస్తుండు."

పక్కకి తిరిగి కూర్చున్నాడు. ఒక చెయ్యి సీటు కింద అతుకు మీద వేసి పట్టుకున్నాడు. సైకిలు కదిలింది. మొదట కళ్లు మూసుకున్నాడు. టప్పుమంటుందని ఒళ్లంతా బిగబట్టి విన్నాడు. ఫ్రీవీలు టిక్కు టిక్కుమంది. చెయిను మెత్తగా పాకింది. ఇంకే చప్పుడూ లేదు. సెంటరు దాటాక కళ్లు తెరిచాడు.

రోడ్డు కాళ్ల కింద పారుతోంది. ఇన్నేళ్లూ ఎంతమందికి సైకిళ్లు బాగుచేసి పంపాడో, తను ఇచ్చి పంపింది ఈ హాయినని అతనికి తట్టలేదు. అడుగు అడుగుకీ కర్ర పోటు లేకుండా, తుంటి నొప్పి లేకుండా, మనిషి గాలిలో కూర్చుని పోతాడని ఎప్పుడో మర్చిపోయాడు. ఇళ్లు అయిపోయాయి. ఉప్పునేల వచ్చింది, మడచెట్లు వచ్చాయి, నీళ్లవాసన వచ్చింది. గుంటలో పడి సైకిలు ఎగిరి దిగినప్పుడు అతుకు అతని అరచేతిలో గట్టిగా, నిబ్బరంగా ఉంది.

"అమ్మాయ్" అన్నాడు.

"ఏం మావయ్యా?"

"ఎంత బాగుందే!"

తనూజ వెనక్కి తిరగలేదు కానీ నవ్వింది, వీపు కదిలింది.

గిలకలదిండిలో బోట్లు ఒడ్డుకి చేరి ఉన్నాయి. ఒడ్డున వలలు కుప్పలు పోసి ఉన్నాయి. తనూజ భుజం పట్టుకుని దిగి, ఓ వలకుప్ప మీద కూర్చున్నాడు రాజబాబు. ఆయాసంగా ఉంది, చెమట పట్టింది. సత్యవతి ఇంట్లోంచి వచ్చి సైకిలుని చూసి, ఫోర్కు లోపల రంగుల మీద వేలు పెట్టి, అక్కడే ఆగిపోయింది.

"ఆకుపచ్చ..." అంది.

"ఎక్కండమ్మా. గంప కూడా పెట్టుకోండి. ఆ చివరిదాకా వెళ్లి రండి, నేనిక్కడ వింటుంటాను" అన్నాడు రాజబాబు.

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని, గంప ఒళ్లో పెట్టుకుని ఎక్కింది. తల్లీకూతుళ్లు బోట్ల పక్కనుంచి వెళ్లారు. బంగారు గీత ఎండలో ఒకసారి మెరిసింది. రాజబాబు తల కాస్త వంచి, చెవి అటు పెట్టి విన్నాడు.

వాళ్లు చివరిదాకా వెళ్లి తిరిగి వచ్చేసరికి అతనలాగే వింటున్నట్టు కూర్చుని ఉన్నాడు. "మావయ్యా, ఏం చప్పుడు లేదు చూశారా!" అంటూ తనూజ దిగింది. రెండోసారి పిలిచింది. గంప పక్కన పడేసి సత్యవతి అతని చెయ్యి పట్టుకుంది. అరచేతిలో గ్రీజు, వేళ్ల సందుల్లో సుద్దపొడి. ముఖంలో మాత్రం నొప్పి జాడ లేదు. చాలా పెద్దదేదో చూస్తున్న మనిషిలా నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. ఆసుపత్రిలో గుండె ఆగిపోయిందన్నారు.

సమాధి కార్యక్రమం అయ్యాక సువర్ణ తనూజని దగ్గరికి పిలిచి ఒక్కటే అడిగింది, "నిజంగా ఎక్కారా?" అని. "ఎక్కారు అత్తయ్యా. ఎంత బాగుందే అన్నారు" అంది తనూజ. సువర్ణ ఏడుస్తూనే ఆ మాట మళ్లీ చెప్పించుకుంది.

ఇప్పుడు రోజూ పొద్దున్నే ఆ సందు ముందునుంచి సైకిలు వెళ్తుంది. ముందు కూతురు, వెనక తల్లి, ఒళ్లో గంప. శోభనాద్రి టీ పోస్తూ చెవి అటు పెడతాడు. ఫ్రీవీలు టిక్కు టిక్కుమంటుంది, ఇంకేం వినబడదు. పక్కన కొట్టు మూసి ఉంది. దాని గోడకు రాజబాబు ఆనించిన కర్ర ఆనించినట్టే ఉంది, పిడి దగ్గర గ్రీజు నలుపుతో, అడుగున అరిగిన ట్యూబు ముక్కతో.