అమ్మమ్మ సమాధికి వేసుకెళ్ళిన సూటు

పేరు పీకుతుండగా నేను చూశాను. చూశాను కాబట్టే చెబుతున్నాను.

ఆ మంగళవారం ఉదయం ఆటగాళ్ళంతా క్లాసుల్లో ఉన్నారు. వాళ్ళు బట్టలు మార్చుకునే గదికీ, నా లాండ్రీ గదికీ మధ్య ఒక కిటికీ ఉంది. మాసినవి అందులోంచే వస్తాయి, ఉతికినవి అందులోంచే పోతాయి. ఆటగాళ్ళు రూలు తప్పారేమో కనిపెట్టే నిబంధనల ఆఫీసు నుంచి విట్లో వచ్చాడు. ముప్పై నాలుగో అల్మరా మీద ఉన్న పేరు రేకుని గోటితో లేపి, పీకి, కోటు జేబులో వేసుకున్నాడు. ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూశాడు. నేను కనిపించాను. నాలాంటిది చూస్తే అతని లెక్కలో ఎవరూ చూడనట్టే. పదిహేడేళ్ళుగా ఈ యూనివర్సిటీ కుర్రాళ్ళ చెమట ఉతుకుతున్నాను మరి.

"లవర్న్, ముప్పై నాలుగో పట్టీ తీసి పారెయ్" అన్నాడు. నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నవాడు.

ప్రతి ఆటగాడికీ నంబరు కుట్టిన గుడ్డ పట్టీ ఒకటి ఉంటుంది, కొసన ఇత్తడి కొక్కెంతో. మేజోళ్ళూ నిక్కర్లూ దానికి గుచ్చి కిటికీలో పడేస్తారు. నేను పట్టీతో సహా మిషన్లో వేస్తాను. పట్టీ ఉన్నన్నాళ్ళూ ఆ కుర్రాడు జట్టులో ఉన్నట్టు.

"సరే సార్" అన్నాను. పారెయ్యలేదు. ఏప్రన్ జేబులో దాచాను.

ముప్పై నాలుగంటే కోర్టెజ్ బ్లెడ్‌సో. ఆర్కన్సా నుంచి వచ్చినవాడు. తల్లీ తండ్రీ లేరు, అమ్మమ్మ పెంచింది. మా అమెరికన్ ఫుట్‌బాల్లో వాడు బంతి చంకలో పెట్టుకుని పరుగెత్తాడంటే అరవై వేలమంది లేచి నిలబడేవాళ్ళు. రెండు వారాల క్రితం ఆ అమ్మమ్మ పోయింది. కోచ్ భుజం మీద చెయ్యేసి, చాలా బాధగా ఉందన్నాడు, సోమవారం ప్రాక్టీసుకి వచ్చెయ్యమన్నాడు. ఎలా వెళ్ళాలో మాత్రం చెప్పలేదు. ఆరు గంటల దారి, కుర్రాడి దగ్గర కారు లేదు, నల్ల బట్టలు లేవు.

మా మౌంట్ మోరయా చర్చి చూసుకుంది. చర్చి పనులు చూసే డీకన్ హోలిస్ తన మంగలి షాపు రెండు రోజులు మూసేసి, గురువారం పొద్దున్నే తన కారులో తీసుకెళ్ళాడు. చర్చికి పెద్దావిడ కాబట్టి మేమంతా మదర్ అని పిలిచే మదర్ పికెన్స్, చనిపోయిన తన భర్త సూటు తీసి, భుజాల దగ్గర విప్పి మళ్ళీ కుట్టింది. దాన్ని ఇస్త్రీ చేసింది నేను. ఈ లాండ్రీ గదిలో, ఈ యూనివర్సిటీ ఆవిరితో. ఆ మాట అప్పటికి ఎవరికీ తెలియదు.

వాళ్ళ నిబంధనల పుస్తకం ప్రకారం ఇదంతా నేరం. కాలేజీ ఆటగాడు ఔత్సాహికుడట. అంటే ఇష్టం కొద్దీ ఆడేవాడు, ఆట వల్ల ఏమీ పుచ్చుకోకూడనివాడు. సాయంత్రం ఆకలేస్తే ఉత్త రొట్టె ఇవ్వొచ్చు, దాని మీద వెన్న రాస్తే అది భోజనమైపోతుంది, తప్పు. డీకన్ హోలిస్ ఏటా స్టేడియంలో ఒక సీటు కొనుక్కుంటాడు కాబట్టి ఆయన డీకన్ కాదు, జట్టు పోషకుడు. పోషకుడి కారెక్కడం అక్రమ లబ్ధి. శిక్ష ఏమిటంటే కోర్టెజ్ ఇక ఆడకూడదు, స్కాలర్‌షిప్ రద్దు, ఆదివారం నాటికి హాస్టల్ గది ఖాళీ చెయ్యాలి. స్టేడియం ఎదురుగా ఉన్న దుకాణంలో మాత్రం ముప్పై నాలుగో నంబరు చొక్కాలు అద్దాల వెనక వేలాడుతూనే ఉన్నాయి. వాటిని పీకడానికి విట్లో వెళ్ళలేదు.

ఎవరు చెప్పారు? అప్పటినుంచీ అందరి నోటా ఇదే ప్రశ్న.

విట్లో ఒక్కొక్కణ్ణీ తన గదిలోకి పిలిచాడు. తలుపేసి, ఒకే మాట అందరికీ అన్నాడట. "మీలో ఒకడు నాకు అన్నీ చెప్పాడు. నువ్వు దాస్తే నీకే నష్టం." కొందరిని అయిదు నిమిషాల్లో పంపాడు, కొందరిని గంట కూచోబెట్టాడు. గంట కూచున్నవాడు బయటికొస్తే ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు. ఇన్నేళ్ళలో మొదటిసారి కుర్రాళ్ళు తమ పట్టీలు తామే తెచ్చి నా చేతికిచ్చారు, పక్కవాడి చేత పంపకుండా. నేను కూడా తక్కువ తినలేదు, ప్రతి మొహంలోకీ అనుమానంగా చూశాను. వీడేనా? వీడేనా?

బుధవారం మధ్యాహ్నం కెప్టెన్ లానీ నా గదిలోకి ఇరవైమందిని తీసుకొచ్చాడు. మూడు వందల పౌండ్ల మనిషి. గోడకి చెవులుంటాయని ఆరబెట్టే మిషన్లన్నీ ఖాళీగా తిప్పమన్నాడు. ఆ రొదలో అందరూ అరుచుకోవాల్సి వచ్చింది.

"రెనార్డ్, ఇటు రారా" అన్నాడు లానీ.

రెనార్డ్ కోర్టెజ్ గదిలోనే ఉంటాడు. సన్నగా, నోట్లో నాలుక లేనట్టుంటాడు.

"విట్లో దగ్గర ఎంతసేపున్నావ్?"

"గంట."

"గంటసేపు ఏం పీకావ్ అక్కడ?"

"సూటు ఎవరిచ్చారని అడిగాడన్నా. తెలీదన్నాను. సోడా సీసా ఒకటి ముందు పెట్టాడు. తాగేదాకా కూచోమన్నాడు. తర్వాత ఏవో కాయితాలు చూసుకుంటా కూచున్నాడు. అంతే."

"సోడా తాగడానికి గంటా?" ఒకడు నవ్వాడు. మంచి నవ్వు కాదది.

"నీ మంచం పక్కనే కదరా వాడి మంచం. సూటు నీ కళ్ళ ముందే కదా తగిలించాడు." లానీ రెనార్డ్ చొక్కా కాలరు పట్టుకుని మిషనుకి ఆనించాడు. "ఎంతకి అమ్ముడుపోయావ్? వచ్చే ఏడాది వాడి నంబరు నీకిస్తానన్నాడా?"

"వదులన్నా. నేను చెప్పలేదు." రెనార్డ్ ఏడవలేదు. ఏడిస్తే బాగుండేదనిపించింది నాకు.

"వదలరా వాణ్ణి" అన్నాను.

లానీ నావైపు తిరిగాడు. "నువ్వు ఊరుకో ఆంటీ. నువ్వు కూడా వాళ్ళ జీతమే తింటున్నావు. ఇక్కడ జరిగేదంతా నీకు తెలుసు. నువ్వెందుకు చెప్పుండకూడదు?"

పదిహేడేళ్ళు. ఈ పిల్లల రక్తం మరకలు చల్లనీళ్ళలో నానబెట్టి, ఉప్పేసి రుద్దాను. ఐనా వాడు అడిగినదాంట్లో తప్పులేదు. నేను వాళ్ళ జీతమే తింటాను.

"ఆ సూటు ఇస్త్రీ చేసింది నేనేరా" అన్నాను. "అదిగో ఆ మిషన్ మీద. నేను చెప్పుంటే ముందు పోయేది నా ఉద్యోగమే. ఇప్పుడు మీ అందరికీ తెలిసింది. మీలో ఎవడు వెళ్ళి విట్లోకి మోస్తాడో చూస్తాను."

అప్పుడే తలుపు తోసుకుని కోర్టెజ్ వచ్చాడు. చేతిలో పొడుగాటి కవరు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"శిక్ష కాయితం వచ్చింది" అన్నాడు. "చివర్న ఏదో రుజువు పెట్టారు. నేను చూడలేనన్నా. ఎవరిదో పేరుంటుంది. ఎవరిదైనా సరే, చూడలేను. నువ్వు చదువు."

లానీ అందుకోబోయాడు. "కాదు. రెనార్డ్ చదవాలి" అన్నాను.

రెనార్డ్ కాలరు సర్దుకుని కాయితాలు తిప్పాడు. చివరి పేజీ దగ్గర ఆగిపోయాడు. ఆ పేజీని మా అందరికీ కనిపించేలా తిప్పి పట్టుకున్నాడు.

అది కోర్టెజ్ అమ్మమ్మ అంత్యక్రియల పుస్తకానికి నకలు. మా చర్చిల్లో ఎవరు పోయినా అలాంటిది అచ్చు వేయిస్తాం. ముందు పేజీలో పోయినవాళ్ళ ఫొటో, లోపల జీవితం, పాటల వరస, వెనక పేజీలో కుటుంబం చెప్పే కృతజ్ఞతలు. ఆ కృతజ్ఞతల్లో రెండు వాక్యాల కింద గీతలున్నాయి. మా బాబుని ఇంత దూరం తీసుకొచ్చిన డీకన్ హోలిస్‌కి. వాడికి సూటు కుట్టిచ్చిన మదర్ పికెన్స్‌కి.

"మా పెద్దమ్మ రాయించింది" అన్నాడు కోర్టెజ్. "నేనే ఇచ్చాను. ఆ రెండు రోజులు ప్రాక్టీసుకి రానందుకు, అమ్మమ్మ నిజంగా పోయిందని రుజువు తెమ్మన్నారు. ఈ పుస్తకం ఇచ్చాను. అమ్మమ్మ ఫొటో చూస్తారు కదా అనుకున్నాను. విట్లో చాలాసేపు పట్టుకుని చూశాడు. చూసి, అందంగా ఉందన్నాడు."

చావు నిజమో కాదో చూస్తానని తీసుకుని, చావింట్లో చెప్పుకున్న కృతజ్ఞతని నేరం ఒప్పుకోలుగా రాసుకున్నాడు. ఇక్కడ ఇన్‌ఫార్మర్ ఎవడూ లేడు. లేని ఇన్‌ఫార్మర్‌ని తయారుచేసి మా మధ్యకి వదిలాడు. మేం ఒకరి గొంతు ఒకరు పట్టుకున్నాం. నేనైతే పిల్లల మొహాల్లో వెతికాను. అది తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

లానీ మిషన్లు ఒక్కొక్కటే ఆపేశాడు. అన్నీ ఆగాక రెనార్డ్ ముందు నిలబడ్డాడు.

"కొట్టరా నన్ను."

"వద్దులే అన్నా."

"కొట్టు, నాకు నిద్రపట్టదు."

"నీకు కొవ్వు మందం. నా చెయ్యే నొస్తుంది" అన్నాడు రెనార్డ్. అప్పుడు అందరూ నవ్వారు, కోర్టెజ్ కూడా.

ఇక అసలు వాదన మొదలైంది. శనివారం పెద్ద మ్యాచ్. ఆడకుండా కూచుందామని ఒకడన్నాడు. స్కాలర్‌షిప్పులన్నీ ఊడతాయని ఇంకొకడు. "నాకు ఇంటి దగ్గర బిడ్డ ఉంది, నేను రాను" అని ఒకడు నిజాయితీగా చెప్పాడు, వాణ్ణి ఎవరూ తిట్టలేదు. వసంతంలో డబ్బిచ్చి ఆడించే పెద్ద జట్లవాళ్ళు ఎంచుకోబోయే మొదటి కొద్దిమందిలో లానీ ఉన్నాడు. వాడికి పోయేదే ఎక్కువ.

"ఒక్కమాట అడుగుతాను" అన్నాడు లానీ. "మదర్ పికెన్స్ ఇంట్లో ఆదివారం ప్లేటు భోజనం తినని వాడెవడైనా ఉన్నాడా ఇక్కడ?"

ఒక్క చెయ్యీ లేవలేదు.

"డీకన్ దగ్గర ఊరికే క్షవరం చేయించుకోనివాడు?"

అప్పుడూ లేవలేదు. "నా తల చూస్తే తెలీట్లేదా అన్నా, ఊరికే చేసిన క్షవరమని" అన్నాడొకడు.

"మరి వాడొక్కడే ఎందుకు దొంగయ్యాడు? వాడొక్కడే కృతజ్ఞత చెప్పాడు కాబట్టి. మనమూ చెబుదాం."

మర్నాటికి జట్టంతటికీ మాట పాకింది. శుక్రవారమంతా చర్చి మీద చర్చి తిరిగి సూట్లు పోగుచేశారు. మా ఆడవాళ్ళు కుట్లు విప్పారు, వేశారు. కొన్ని కుదిరాయి, కొన్ని కుదరలేదు. లానీకి సరిపోయే కోటు మూడు కౌంటీల్లో దొరక్క, గాయకబృందం వాళ్ళ అంగీ తొడిగారు.

శనివారం పన్నెండింటికి జనం స్టేడియం వైపు నడుస్తున్నారు. బ్యాండ్ మోగుతోంది. నిబంధనల ఆఫీసు మెట్ల మీద యాభై ఎనిమిదిమంది ఆటగాళ్ళు అరువు సూట్లలో కూచున్నారు. మదర్ పికెన్స్ డెబ్బై ఎనిమిదేళ్ళ వయసులో టోపీ పెట్టుకుని ప్లేట్లు పంచుతోంది. వేయించిన కోడి, ఉడకబెట్టిన ఆకుకూర, మొక్కజొన్న రొట్టె. రొట్టె మీద దండిగా వెన్న. జనం ఆగిపోయారు. కొందరు బూతులు తిట్టారు, కప్పులు విసిరారు. చదువుకునే పిల్లలు కొందరొచ్చి మెట్ల కింద నిలబడ్డారు.

మెట్ల చివర బల్ల మీద ఒక కాయితం. పైన ఒకే వాక్యం. మేమూ తిన్నాం, మేమూ కారెక్కాం, అందుకు కృతజ్ఞులం.

విట్లో పోలీసుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. "దీని వెనక ఎవరున్నారు?"

"నేనే బాబూ" అంది మదర్ పికెన్స్. "నా పేరు పెద్దక్షరాల్లో రాసుకో. నన్ను దేన్నుంచి బహిష్కరిస్తావు, కీళ్ళ నొప్పుల్నుంచా?"

విట్లో కుర్రాళ్ళ వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "మీలో ఒకడు ఇప్పటికే నాతో రాజీ సంతకం చేశాడు. మీకే తెలీదు ఎవడో."

మెట్ల మీద కుర్రాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ క్షణంలో నాకు మళ్ళీ భయమేసింది. అబద్ధమని తెలిసినా అనుమానం అంత తొందరగా చావదు.

"చేస్తే చేశాడు" అన్నాడు లానీ. "వాడినీ ఇక్కడ సంతకం చెయ్యమనండి."

అందరికంటే ముందు రెనార్డ్ లేచాడు. ప్లేటు కింద పెట్టి, చేతులు తుడుచుకుని, పేరు రాశాడు. జేబులోంచి తన పట్టీ తీసి ఆఫీసు తలుపు పిడికి తగిలించాడు. తర్వాత లానీ. తర్వాత ఒకడి వెనక ఒకడు. బిడ్డ ఉందన్న కుర్రాడు కూడా జనంలోంచి నడిచొచ్చాడు. కొక్కేలు ఒకదానికొకటి తగులుతూ గలగలమన్నాయి. పిడి నిండిపోతే పట్టీలకే పట్టీలు తగిలించారు.

ఏప్రన్ జేబులోంచి ముప్పై నాలుగో పట్టీ తీశాను. అదీ తగిలించాను. దాని పక్కన నా లాండ్రీ గది తాళాలు.

"లవర్న్, ఆట బట్టలు ఎక్కడ?" అన్నాడు విట్లో. మొహం పాలిపోయింది.

"మిషన్లలో ఉన్నాయి సార్. తడిగా."

"నీ ఉద్యోగం పోయింది."

"మిస్ లవర్న్ అని పిలవండి. ఇప్పుడు మీ దగ్గర పనిచెయ్యడం లేదు కదా."

కోర్టెజ్ పక్కకొచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. రేపు వాడు గది ఖాళీ చెయ్యాల్సిందే. వాడి పెట్టె మా ఇంటికి చేరుతుంది, అదీ నేరమే. పోలీసులు మెట్లెక్కడం మొదలుపెట్టారు. లానీ అంగీ ఎత్తిపట్టుకుని వాళ్ళకి అడ్డంగా కూచున్నాడు, పక్కన రెనార్డ్.

అప్పుడు జనాన్ని తోసుకుంటూ ఒక పొడుగాటి కుర్రాడు వచ్చాడు. ఆటగాడే, ఒంటిమీద ఎదుటి జట్టు రంగులు. వెనకాల మరో నలుగురు. తలుపు మీద వేలాడుతున్న పట్టీల వైపూ, బల్ల మీది కాయితం వైపూ చూశాడు. ఆ కాయితాన్ని నెమ్మదిగా రెండుసార్లు చదివాడు.

"ఆంటీ" అన్నాడు నాతో, "మా ఊళ్ళో కూడా ఒక మదర్ ఉంది. పెన్నుందా?"

నేను పెన్ను ఇచ్చి, కాస్త జరిగి వాడికి చోటిచ్చాను.