గాలి రాని గోడ

కవలలు పుట్టిన ఇంట్లో బట్టలు ఉతకడమంటే ఏటికి ఎదురీదడమే. ఆ సంగతి ఆ పిల్లల తల్లికి, ఆసుపత్రిలో పనిచేసే నర్సుకు, ఎనిమిది నెలలుగా తెలిసొస్తూనే ఉంది. తన యూనిఫాంలు, వడ్రంగి పని నుంచి రంపపు పొట్టు మోసుకొచ్చే మొగుడి ప్యాంట్లు, ఇద్దరు పిల్లల చొక్కాలు, దుప్పట్లు, లెక్కలేనన్ని తుడుపు గుడ్డలు. వాషింగ్ మెషీన్ ఉతికినవాటిని పక్కనే ఉన్న డ్రయ్యర్ వేడిగాలితో ఆరబెట్టేది. ఆ మెషీన్లున్న గదికీ, పిల్లలు పడుకునే గదికీ మధ్య ఒక్క గోడే అడ్డం.

ఈ మధ్య డ్రయ్యర్ మొరాయిస్తోంది. గంటలో ఆరాల్సిన బట్టలు రెండు గంటలైనా చెమ్మ వదలడం లేదు. "దానికీ వయసు మీద పడింది" అన్నాడు మొగుడు. ఆమె ఇంకోసారి మీట నొక్కి తన పనిలో పడిపోయేది. డ్రయ్యర్ తలుపు దగ్గరి జాలీలో బట్టల నుంచి రాలి పేరుకునే నూగు గుర్తొస్తే తీసేది, లేకపోతే లేదు. అది తిరుగుతుండగానే పిల్లల పక్కన ఓ కునుకు తీసేది. ఒక్కోసారి ఇంటికి తాళం వేసి బజారుకూ వెళ్ళొచ్చేది.

పక్కింట్లో రిటైరైన టీచరు ఒకావిడ ఉండేది. వీధిలో అందరూ చాటుగా ఆవిడని 'సీఐడీ' అనేవాళ్ళు. ఎవరింటి కిటికీ ఎన్నింటికి తెరుచుకుందో, ఎవరి చెత్తబుట్టలో ఏముందో ఆవిడకు తెలియంది లేదు. ఎదురుపడితే పది నిమిషాలు గోవిందా అని నర్సు తప్పుకు తిరిగేది.

ఆ రోజు పిల్లలకు టీకాలు. నర్సు తడిబట్టలు డ్రయ్యర్‌లో కుక్కి, మీట నొక్కి, ఇద్దరినీ తోపుడుబండిలో కూర్చోబెట్టి గుమ్మం దాటబోతుంటే సీఐడీ ఎదురొచ్చింది.

"అమ్మాయ్, మా పిల్లి మీ గోడ దగ్గర కూర్చోవడం మానేసిందే!"

"ఏమైంది పిన్నిగారూ, మావాళ్ళు ఏమన్నా తరిమారా?"

"అది కాదు. మీ మెషీన్ గాలి బయటికొచ్చే బొక్క ఉందే, రెక్క ఉంటుంది చూడు, దాని కింద వెచ్చగా పడుకునేది. నెల నుంచి అటుకేసి పోవడం లేదు. ఏంటా అని ఇప్పుడే వెళ్ళి చెయ్యి పెట్టి చూశా. లోపల మెషీన్ గడగడలాడుతోంది, బయట రెక్క కదలడం లేదు. గాలి పిసరంత రావడం లేదు. మరి ఆ వేడంతా ఎటు పోతున్నట్టు?"

"సాయంత్రం ఆయనతో చెప్తా పిన్నిగారూ. టీకాలకి టైమైపోతోంది."

"చెప్పుదువుగాని. ముందు దాన్ని ఆపి వెళ్ళు."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. పిల్లల్ని నేను చూస్తుంటా, వెళ్ళు."

ఆవిడ బండి పట్టుకుని గుమ్మానికి అడ్డంగా నిలబడింది. క్లాసులో లెక్క తప్పు చేసిన పిల్లను చూసినట్టు చూసింది. నర్సు పళ్ళు బిగబట్టి లోపలికి వెళ్ళి డ్రయ్యర్ ఆపేసింది. భయపడి కాదు, ఈ పీడ వదిలితే చాలని.

సాయంత్రం మొగుడు ప్లగ్గు పీకి, డ్రయ్యర్‌ను గోడ నుంచి ముందుకు లాగాడు. వెనకున్న పల్చటి రేకు గొట్టం గోడకు నొక్కుకుపోయి చపాతీలా అయిపోయింది. దాన్ని ఊడదీసి చెయ్యి పెడితే బూడిదరంగు నూగు దిండులో దూదిలా ముద్దలు ముద్దలుగా వచ్చింది. అతను నవ్వుతూ, "ఇంకో పరుపు కుట్టుకోవచ్చు" అన్నాడు. తర్వాత మెషీన్ వైపు కొస దగ్గర దొరికిన ముద్దను వెలుతురులో పెట్టి చూసి నవ్వడం మానేశాడు. అది కమిలి గోధుమరంగుకు తిరిగింది. అంచులు నల్లగా ఉన్నాయి. వేళ్ళతో నలిపితే పొడైపోయింది. కాలిన వాసన.

గోడ అవతల పిల్లల్లో ఒకడు నిద్రలో కేరుమని మళ్ళీ సద్దుమణిగాడు. నర్సు అక్కడే నేలమీద కూర్చుండిపోయింది. ఎన్ని మధ్యాహ్నాలు! దాన్ని తిరగనిచ్చి ఈ గోడ పక్కనే ఒళ్ళు తెలియకుండా పడుకుంది. ఆసుపత్రిలో కాలిన ఒళ్ళకు ఆమె ఎన్నో కట్లు కట్టింది. ఆ నొప్పి ఎలా ఉంటుందో ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు.

మర్నాడే మొగుడు కొత్త గట్టి ఇనుప గొట్టం తెచ్చి, నొక్కుకోకుండా చోటు వదిలి బిగించాడు. బయటి రెక్క దగ్గర గూడు కట్టిన నూగంతా గీకేశాడు. ఈసారి బట్టలు ముప్పావుగంటలో ఆరిపోయాయి. విడతకోసారి జాలీ తుడవాలని, ఇంట్లో మనిషి మెలకువగా లేనప్పుడు మీట నొక్కకూడదని ఇద్దరూ గట్టిగా అనుకున్నారు.

ఆ సాయంత్రం నర్సు పిల్లలను చెరో చంకలో వేసుకుని పక్కింటికి వెళ్ళింది. దారిలో నాలుగు మాటలు కూర్చుకుంది గానీ, తలుపు తెరుచుకోగానే అన్నీ ఎగిరిపోయాయి.

"పిన్నిగారూ, ఆ గొట్టం లోపల కమిలిపోయింది. ఇంకొన్నాళ్ళుంటే..." ఏడుపొచ్చేసింది. ఏం చెయ్యాలో తోచక పిల్లల్లో ఒకడిని ఆవిడ చేతుల్లో పెట్టేసింది.

ఆవిడ వాణ్ణి ఎగదోసుకుని ఎత్తుకుంది. "ఏడుస్తావేంటే పిచ్చిదానా. ఏమీ కాలేదుగా."

"మిమ్మల్ని చూసి ఎన్నిసార్లు తప్పుకుపోయానో మీకు తెలీదు."

"ఎందుకు తెలీదూ? నాకు తెలియందేముంది ఈ వీధిలో?" ఆవిడ పకపకా నవ్వింది. నర్సు కళ్ళు తుడుచుకుంటూనే నవ్వేసింది.

కాసేపటికి ఆవిడ గొంతు తగ్గించి అంది: "ఒక్కమాట, ఎవరితో అనకు. రాత్రంతా నాకు నిద్రలేదు. ఊళ్ళోవాళ్ళ గోడలు చూడ్డమే గానీ, నా డ్రయ్యర్ వెనక పదకొండేళ్ళుగా చూళ్ళేదు. మీ ఆయన్ని ఓసారి రమ్మంటావా?"

నర్సు కిటికీలోంచే కేకేసింది. మొగుడు సామాన్ల సంచితో వచ్చి ఆవిడ మెషీన్ వెనక బోర్లా పడుకున్నాడు. గొట్టంలోంచి మొదటి ముద్ద బయటపడగానే పెద్దావిడ చంకలో పిల్లాడితోనే "అయ్యో రాత!" అని ఓ చేత్తో బుగ్గ నొక్కుకుంది. నర్సు ఓ చేత్తో రెండో బిడ్డను పొదువుకుని, రెండో చేత్తో టార్చి పట్టుకుని నిలబడింది. చెయ్యి లాగుతున్నా దించలేదు. ఈ మనిషికి ఏదో ఒకటి చేసే వీలు దొరికినందుకు ఆమెకు ప్రాణం హాయిగా ఉంది.