దీపాలక్క ఆఖరి ట్రే

నూట పద్నాలుగో దీపాన్ని దీపాలక్క పట్టకారుతో తీసి, సాకెట్లో కూర్చోబెట్టి స్విచ్చి నొక్కింది. ఏమీ వెలగలేదు. పక్కనున్న మీటరులో అంకె మాత్రం పైకెక్కింది. ఆమె తృప్తిగా తలాడించి దాన్ని మంచి ట్రేలో పెట్టింది.

దీపాలక్క అన్నది ఫ్యాక్టరీలో అందరూ పెట్టిన పేరు. బియ్యపుగింజంత ఉండే ఆ ఎల్‌ఈడీలు పండ్ల లోపలి దెబ్బలూ, గింజల్లో తేమా పట్టుకునే యంత్రాలకు వెళతాయి. వాటిది పరారుణ కాంతి. మన కంటికి ఆనదు, ఫోను కెమెరాకూ చిక్కదు. చేరిన మొదటిరోజు ట్రే మొత్తం పాడైందనుకుని చెత్తలో పారబోసి ఆమె నవ్వులపాలైంది. పొట్టి మనిషి. మెడ కాస్త ముందుకు వంగింది, పట్టకారు రాపిడికి బొటనవేలు కాయ కాచింది. ఇరవై రెండేళ్ళలో లక్షల దీపాలు వెలిగించింది, ఒక్కదాని వెలుగూ చూడలేదు.

“నేతిబీరలో నెయ్యెంతో నీ దీపంలో వెలుగంత!” అని పొద్దున కూడా మొగుడు ఆటపట్టించాడు. నవ్వేసింది గానీ ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. ఈ సాయంత్రంతో ఉద్యోగం అయిపోతుంది. ఈలోగా ఆ వెలుగు పనిచేస్తుందని కళ్ళారా చూడాలి.

టీ వేళ సూపర్‌వైజరును అడిగేసింది. “సారూ, పైగదిలో ఈ కాంతిని పట్టే కెమెరా ఉందిగా, ఒక్కసారి చూపించరూ?”

“ఇన్నేళ్ళూ అడగలేదేమక్కా?”

“మీటరు చెబుతోందిగా, ఇంకెందుకులే అనుకున్నా.”

ఆమె దీపాలు బిగించిన పలక ముందు ఆయన ఎర్రటి ఆపిల్ పెట్టాడు. తెరమీద అది తెల్లగా కనబడింది, ఒక పక్క నల్లమచ్చతో. దెబ్బతిన్నచోట తడి చేరుతుందట, ఆ తడి ఈ కాంతిని తాగేస్తుందట. వంగి చూడబోతే ఆమె తల కూడా తెరమీదికొచ్చింది. జుట్టంతా తెల్లగా!

“ఓయమ్మో, మొన్నేగా రంగేశాను!”

ఇద్దరూ పగలబడి నవ్వారు. అయినా ఆమెకు నమ్మకం కుదరలేదు. పండు తిప్పి చూస్తే తొక్క నిగనిగలాడుతోంది. చాకు అడిగి పుచ్చుకుని, తెర చూపించినచోటే కోసింది. తొక్క కింద గోధుమరంగు మచ్చ, గోరంత.

“ఉంది సారూ,” అంది. ఇన్నేళ్ళ పని ఊరికే పోలేదని ఆమెకు ఎంతో సంతోషమైంది.

మంచి ముక్కలు ఇద్దరూ పంచుకు తిన్నారు. ఐదింటికి ఆమె ఏప్రను విప్పి తగిలించి, అందరికీ వెళ్ళొస్తానని చెప్పి, మొగుడికి ఇవ్వాల్సిన జవాబు మనసులో కూర్చుకుంటూ గేటు దాటింది.

పైగదిలో, దీపాలు ఆర్పడం ఇద్దరూ మరిచిపోయిన పలక ముందు, మచ్చ ఉన్న ఆపిల్ ముక్క కాగితం మీద మెల్లగా ఎండుతూ ఉంది.