నీటికి తోడు

కొత్త కోడలిని అత్తగారింటికి ఒంటరిగా పంపరు కదా, నీళ్లను మాత్రం ఎట్లా పంపుతాం అన్నాడట ఒక పెద్దమనిషి. ఆ మాట మీదనే, పోచారం కాలువ తవ్విన కొత్తలో, ఎల్లారెడ్డి వైపు దాని కొసన ఉన్న ఊళ్లో ఒక ఆచారం పడింది. వానకాలం మొదట్లో తూము ఎత్తగానే ఎండిన కాలువలో బయలుదేరే తొలి నీటికి తోడుగా ఊరి మనిషి ఒకరు నడవాలి. నీటి తలకంటే ముందు పోకూడదు, వెనకబడకూడదు, ఊరు చేరేదాకా కూర్చోకూడదు. అట్లా నీటికి తోడు వచ్చినవాళ్ల మడికి మొదటి తడి. దారిలో కూర్చుంటే ఆ తడి పక్క మడివాళ్లది. కాలువ కొసకు నీళ్లు సన్నగా వస్తాయి, ఎప్పుడు ఆగిపోతాయో ఎవరికీ తెలియదు. అందుకని మొదటి తడి అంటే ఆ ఏటి పంటే.

ఏళ్ల తరబడి ఆ నడక దేవన్నది. రెండో జర్మనీ యుద్ధం మొదలైన మరుసటి ఏడు, సంక్రాంతి దాటిన కొన్నాళ్లకు, ఎరువు బండి చక్రం అతని పాదం మీదుగా పోయింది. కట్టు కట్టించారు గాని ఎముక వంకరగానే అతుక్కుంది. దేవన్న మంచం పట్టె మీద కూర్చుని కాలువ వైపు చూడటం నాలుగు రోజులు గమనించి, అయిదో నాడు అతని భార్య సాలవ్వ ఊరి నీరడి దగ్గరికి పోయింది. ఊళ్లో ఏ మడికి ఎప్పుడు నీళ్లు వదలాలో చూసే ఆ నీరడి పేరు బాలనర్సయ్య.

“ఈ ఏడు నేను పోత మామా,” అంది.

బాలనర్సయ్య నోట్లోని చుట్ట తీసి పక్కన పెట్టాడు. “ఆడిమనిషి పోవుడు ఏంది బిడ్డా? గాడ అంతా అడివి. చిరుతపులి సుత ఉంటది.”

“నన్ను జూసి అదేం తింటది మామా, బొక్కలా?”

అక్కడే బీడీలు చుడుతూ కూర్చున్న గంగామణి పకపకా నవ్వింది. దేవన్న మడిని ఆనుకుని ఉన్నది ఆమె మడే. “పోనీ మామా, అక్కను పోనీ. నడుమల కూసుంటే తడి మాకే గద!”

“నువ్వు పీట ఏసుకోని కూసో గంగామణీ,” అంది సాలవ్వ, “నేను వచ్చెదాక.”

మరునాటి నుంచి సాలవ్వ నడక మొదలుపెట్టింది. కోడికూతకు ముందే జొన్నలు విసిరి, రొట్టెలు కాల్చి, పిల్లలకు మూతపెట్టి, ఎండిన కాలువ గట్టు పట్టుకుని పోచారం దిక్కు పోయేది. మొదట్లో ఈతవనం దాకా, తర్వాత నాగిరెడ్డిపేట పొలాల దాకా, ఎండలు ముదిరేసరికి అడవి మొదలయ్యే చోటి దాకా. కూలి పనులు లేని రోజుల్లో మంజీర ఒడ్డుకు మళ్లేది. ఇసుకలో మడమలు దిగబడేట్టు నడిస్తే పిక్కలు గట్టిపడతాయని ఆమె నమ్మకం. కామారెడ్డి అంగడికి ఎడ్లబండ్ల వెంట పోయినప్పుడు బండి ఎక్కమని పిలిచినా ఎక్కకుండా, ముందే చేరి వాళ్లకోసం ఎదురుచూసేది.

ఆమెకు ఊహ తెలిసిన నాటినుంచీ నడకే. కట్టెలకు నడిచింది, కూలికి నడిచింది, పురుడు పోసుకోవటానికి తల్లిగారింటికీ నిండు కడుపుతో నడిచింది. నడవటం కోసమే నడవటం మాత్రం ఇదే మొదలు. ఏదీ తేవలసిన పని లేకపోయేసరికి, కళ్లు ఖాళీ అయి చుట్టూ చూడసాగాయి. వేసవి మంజీర ఇసుక నడుమ సన్నటి దారమై పారుతుంటే, దానికి ఇరువైపులా పుచ్చ తీగలు పచ్చగా పాకి ఉండేవి. ఒక తెల్లవారుజామున దుప్పుల మంద కాలువ అడుగున మిగిలిన మడుగులో నీళ్లు తాగుతూ ఆమెను చూసి, భయపడకుండా, మళ్లీ తలలు వంచింది. సాలవ్వ నిలబడిపోయింది. ఇంత దగ్గర్లో ఇదంతా రోజూ జరుగుతూనే ఉందా అనుకుంది. తాను చీపురు పట్టే వేళకు, పిడకలు చరిచే వేళకు, రోజూ!

ఇంటికి వచ్చి ఎంత వేగంగా పోయి వచ్చిందో చెబితే దేవన్న మెచ్చుకోలేదు.

“ఉరుకుడు కాదే. నిలవడుడు నేర్సుకో.”

కాలు చెడిన మనిషి కడుపుమంట అనుకుంది ఆమె.

ఆ ఏడు మిరుగు కార్తె వాన లేక వట్టిగా పోయింది. ఎగువన ఎక్కడో కురిసిన వానకు పోచారంలో నీళ్లు చేరాయి గాని, ఈ దిక్కున చినుకు పడలేదు. బావిలో నుంచి చేది పోసిన బిందెల నీళ్లతో నారు బతకనూ లేక చావనూ లేక పసుపుపచ్చగా నిలిచి ఉంది. తూము ఎత్తుతున్నారని కబురు రాగానే సాలవ్వ ముందురోజే పోచారం చేరి, కాలువ కాపలా చూసే లష్కరు అబ్రాహాము ఇంట్లో తలదాచుకుంది. తెల్లవారగానే అబ్రాహాము దేవుణ్ణి తలచుకుని తూము మర తిప్పాడు.

మొదట శబ్దం వచ్చింది. కట్ట కడుపులో ఏదో పెద్ద జంతువు ఒత్తిగిలినట్టు. తర్వాత నీళ్లు ఒక్కసారిగా దుమికి, నురగలు కక్కి, నాలుగు బారలు పోగానే మెత్తబడి నేల మీద పరుచుకున్నాయి. సాలవ్వ చెంగు బిగించి అడుగు వేసింది. వేసి, ఆగిపోవలసి వచ్చింది. నీళ్లు ఇంకా వెనకే ఉన్నాయి.

నీళ్లు ఇంత మెల్లగా నడుస్తాయని ఆమెకు తెలియదు. నిండుగా పారే కాలువను చూసిందేగాని, వట్టి కాలువలో తొలి నీళ్లను ఊరి మొగదాకా వచ్చాకే చూసేది. నీటి తల గోధుమరంగు పెదవిలా ముందుకు సాగి, ఒక బీట కనపడగానే అందులోకి దిగిపోయేది. బీట నిండి, లోపలి గాలి బుడబుడమని పైకి వచ్చి, నేల ఒక నిట్టూర్పు విడిచాక గాని కదిలేది కాదు. ముందు ఎండుటాకులు, మేక పెంటికలు, గడ్డిపరకలు తేలుతూ వస్తున్నాయి. చీమలు గుడ్లు నోట కరచుకుని గట్టెక్కుతున్నాయి. ఎక్కడినుంచి పసిగట్టాయో కొంగలు దిగి, నీటికి రెండడుగులు ముందుగా, పెళ్లివారిలా దర్జాగా నడుస్తున్నాయి.

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి దేవన్న మాట అర్థమైంది. వేసవి అంతా ఆమె పరుగు నేర్చుకుంది. ఇప్పుడు కావలసింది అడుగు వేసి ఆగటం, మళ్లీ అడుగు వేసి ఆగటం. ఆగిన ప్రతిసారీ మోకాళ్లు బిగుసుకుంటున్నాయి, తొడలు వణుకుతున్నాయి. అంబలి నిలబడే తాగింది. దారిలో ఊళ్ల ఆడవాళ్లు పసుపు కుంకుమ తెచ్చి నీళ్లకు చల్లుతున్నారు. ఒక ముసలమ్మ చెట్టు కింది నుంచి మంచం లాక్కొచ్చింది.

“జెర కూసో బిడ్డా. ఎవరు జూస్తరు?”

“నీళ్లు జూస్తయి అవ్వా.”

కాళ్లను మరిచిపోవటానికి ఆమె నీటినే చూడసాగింది. చూస్తూ చూస్తూ ఒక సంగతి గ్రహించింది. ఇది తొందరలో లేదు. దారిలో ఎంత చిన్న గుంట అడ్డం వచ్చినా, ఎద్దు గిట్ట ముద్రంత గుంటనైనా, నింపకుండా దాటటం లేదు. ఇంత పెద్ద చెరువు వెనక ఉండి కూడా! సాలవ్వ తెలియకుండానే రెండు చేతులూ జోడించింది. ఆ తర్వాత నొప్పి తగ్గలేదు గాని, నొప్పి మీద కోపం తగ్గింది.

పొద్దు వాలుతుండగా ఊరు కనపడింది. గట్టు పొడుగునా జనం కూర్చుని ఉన్నారు. గంగామణి నిజంగానే పీట తెచ్చుకుంది. చివరి మలుపు దగ్గర నీళ్లు ఉన్నట్టుండి మాయమయ్యాయి.

అక్కడ కాలువ అడుగున పెద్ద గొయ్యి ఉంది. గోడలు అలకటానికి మెత్తటి ఒండ్రుమట్టి దొరికేది ఆ మలుపులోనే. ఊరి ఆడవాళ్లంతా అక్కడ తవ్వుతారు. అయితే ఈ ఏడు అందరికంటే ఎక్కువ తవ్వింది సాలవ్వే. నడక నుంచి తిరిగి వస్తూ, నెత్తిన బరువుంటే మెడకూ నడుముకూ మంచిదని, రోజూ తట్టెడు మట్టి ఇంటికి మోసింది.

“అక్కా! నీ గోడలు మస్తు నున్నగున్నయి,” గంగామణి అరిచింది. “ఇగ నింపు వాటి బాకీ!”

గట్టంతా ఘొల్లుమంది. సాలవ్వకు కూడా నవ్వు వచ్చింది గాని, నవ్వితే మోకాళ్లు తప్పుతాయని పెదవి కొరుక్కుంది. నీళ్లు ఇక్కడికి సన్నబడి వచ్చాయి. గోతిలోకి చప్పుడు లేకుండా జారుతూ, మెల్లగా, ఒక్కొక్క తట్ట లెక్కన పైకి లేస్తున్నాయి. ఆమె కాళ్ల వణుకు చీర కుచ్చిళ్లకు పాకి, దూరానికి కూడా కనపడుతోంది.

“పడితది,” అన్నారెవరో మెల్లగా.

బాలనర్సయ్య చుట్ట పారేసి లేచి నిలబడ్డాడు. ఎందుకు లేచాడో ఆయన చెప్పలేదు. ఆయన పక్కనున్నవాడు లేచాడు. గంగామణి పీట మీద కాసేపు అటూ ఇటూ కదిలి, “నా మడి తడి పోవట్టె,” అని గొణిగి, తనూ లేచింది. వరసగా గట్టు మీద అందరూ లేచారు. నీళ్లు గోతిని నింపే చప్పుడు, అంత చిన్న చప్పుడు, ఊరంతటికీ వినపడింది.

గొయ్యి అంచు తడిసింది. ఒక సన్నటి నాలుక బయటికి వచ్చి, అటూ ఇటూ చూసినట్టు ఆగి, ఊరి వైపు సాగింది.

సాలవ్వ దాని పక్కనే నడిచింది. పిల్ల కాలువ దాటి నారుమడి దాకా నడిచింది. కర్ర ఆనించుకుని దేవన్న గట్టు మీద ఉన్నాడు. నీళ్లు పసుపురంగు నారు మొదళ్లలోకి దూరి, ఒక్కొక్క మొక్కనూ ముట్టుకుంటూ పోయాయి. మడి నిండే దాకా ఇద్దరూ అట్లాగే చూశారు.

“కూసో ఇగ,” అన్నాడు దేవన్న.

“ఒంగుతలేవు,” అంది ఆమె మోకాళ్ల వైపు చూపిస్తూ.

బాలనర్సయ్య పారతో మడవ తిప్పాడు. నీళ్లు గంగామణి మడి దిక్కు మళ్లాయి. సాలవ్వ కాళ్లు, తమంతట తామే, వాటి పక్కన ఇంకో అడుగు వేశాయి.

“ఇంకెక్కడికే?” అన్నాడు దేవన్న.