షెడ్డు గోడమీద గాజులు

"గాజుల చప్పుడు ఆగిపాయెనే, ఏం చేస్తాండావ్?"

పూజగదిలోంచి మా ఆయన గొంతు. నేను పెరట్లో ఇత్తడి బిందెకు చింతపండు పట్టిస్తూ ఒక్క క్షణం ఆగాను. ప్రహరీ అవతల, అరటికాయలు పెట్టెల్లో సర్ది దుబాయికి పంపే షెడ్డువాళ్ళ ఆటో ఆగితే అందులోకి ఎక్కుతున్న ఆడవాళ్ళను చూస్తున్నాను. "తోముతున్నానండీ" అని చెయ్యి మళ్ళీ ఆడించాను. బయట గాజులు మొదలయ్యాయి, లోపల మంత్రం మొదలైంది.

మా ఇంట్లో నేను ఎక్కడున్నానో తెలుసుకోవడానికి ఎవరూ తల తిప్పక్కర్లేదు. వింటే చాలు. మా ఆయన సుధన్వ ఊళ్ళో రామాలయం పూజారి, వేంపల్లె నుంచి పులివెందుల దాకా పెళ్ళిళ్ళూ గృహప్రవేశాలూ చేయిస్తారు. చెవులు చాలా చురుకు. నేను పచ్చడి నూరుతున్నానో, బట్టలు మడత పెడుతున్నానో కళ్ళు మూసుకుని చెప్పగలరు. పెళ్ళయిన కొత్తలో అది నాకు ముచ్చటగా ఉండేది, నన్నే వింటూ కూర్చున్నాడే ఈ మనిషి అని. ఆ వినడం ఎప్పుడూ చప్పుడు ఆగిన చోటే మాటగా మారుతుందని తర్వాత గమనించాను. నేను పని చేస్తున్నంతసేపూ ఆయనకు ఏమీ వినబడదు. చెయ్యి ఊరుకుంటేనే వినబడుతుంది. అందుకే నాకొక విద్య అబ్బింది. పుస్తకం చదివేటప్పుడు ఎడమచేత్తో పేజీ తిప్పుతూ, కుడిచేతి గాజులు ఏదో పని చేస్తున్నట్టు మధ్యమధ్య ఆడిస్తాను. ప్రొద్దుటూరు కాలేజీలో బి.ఎస్సీ. బోటనీ చదివినదాన్ని. ఇప్పుడు నా చదువంతా, హాస్టల్లో ఇంటర్ చదివే కూతురు స్పందన సెలవుల్లో వదిలిపోయిన పుస్తకాలే.

ఆ ఆటోలో పోయేవాళ్ళలో ఖమర్‌బీ ఒకటి. గుడి వెనక వీధి. చీర మీద మొగవాళ్ళ ఫుల్‌చేతుల చొక్కా వేసుకుని, తలకు తువ్వాలు చుట్టుకుని పోతుంది. సాయంత్రం తిరిగొస్తూ షెడ్డులో పక్కన పెట్టేసిన కాయలు మా అత్తయ్యకు ఇచ్చి వెళ్తుంది. పచ్చికాయకు మడి పట్టింపు లేదని అత్తయ్య ఎప్పుడో తీర్పు చెప్పేసింది.

"ఇవి ఎందుకు పక్కన పెట్టారక్కా? శుభ్రంగానే ఉన్నాయే" అని అడిగాను ఒకసారి.

"గీత పడిండాది సూడు. గోరు తగిలింటాది."

ఎంత చూసినా నాకు కనబడలేదు. "ఇప్పుడు అగపడదు లేమ్మా. మగ్గినంక నల్లంగా తేల్తాది" అంది. పరీక్షగా కొన్ని బియ్యం డబ్బాలో పెట్టాను. పండేసరికి నిజంగానే ఒక్కో కాయ మీద సన్నటి నల్లగీత, ఎవరో పెన్నుతో గీసినట్టు. చాలాసేపు చూశాను దాన్ని. గీసినవాళ్ళు ఎప్పుడో మరిచిపోయి ఉంటారు.

అప్పట్నుంచి ఖమర్‌బీకి నా ప్రశ్నల బాధ ఎక్కువైంది. ఇంత పచ్చిగా ఎందుకు కోస్తారు? ఓడలో మగ్గకుండా ఏం చేస్తారు? అక్కడ దుబాయిలో ఎవరు మగ్గబెడతారు?

"నా తల తింటాండావమ్మా శ్రుతమ్మా! నేను కాయ తుడుస్తా, పెట్టెలో పెడ్తా. అది ఏ దేశం పోతాదో, యాడ మగ్గుతాదో నన్నడిగితే? ఒక్క దినం వచ్చి నువ్వే సూసుకోరాదా?"

పులివెందులలో ఆయనకు గృహప్రవేశం ఉన్న రోజు, కూరగాయలకని చెప్పి వెళ్ళాను.

షెడ్డు ఊరి బయట రోడ్డు పక్కనే. రేకుల కప్పు కింద పెద్ద నీళ్ళ తొట్లు. గెల నుంచి కోసిన అత్తాలు, ఒక్కో చీపుగా, పటిక నీళ్ళలో తేలుతూ వస్తుంటే, తెల్లటి పాలు కారి నీళ్ళలో కలిసిపోతున్నాయి. అది చూస్తుంటే కాలేజీలో అరటిపువ్వును అడ్డంగా కోసి బొమ్మ వేసిన రోజు గుర్తొచ్చింది. ఆ బొమ్మకు లెక్చరర్ గారు బాగుందన్నారు. ఆ తర్వాత నా చేతిపనిని ఎవరైనా బాగుందన్నది సాంబారు విషయంలోనే.

అన్నిటికంటే నన్ను ఆపేసింది లోపలికి పోయే తలుపు పక్క గోడ. వరసగా మేకులు. ఒక్కో మేకుకు ఒక్కో గాజుల గుత్తి. ఎర్రవి, ఆకుపచ్చవి, పసుపు పూసినవి, మెరుపులద్దినవి. పెట్టెలకు కట్టే దారంతో ముడివేసి తగిలించారు. అన్ని చేతులూ లోపల పనిలో ఉంటే, అన్ని చప్పుళ్ళూ గోడమీద ఊరకే వేలాడుతున్నాయి.

"గాజుముక్క పెట్టెలో పడిందంటే సరుకంతా వెనక్కొస్తాది. గాజు తగిలి కాయకు గీతలు పడేది వేరే" అంది నా వెనక ఒక అమ్మాయి. షెడ్డు చూసుకునే ఐశ్వర్య. ప్రొద్దుటూరు అమ్మాయి, వ్యవసాయ డిగ్రీ చేసిందట. నేను అడిగినవాటికి ఓపికగా చెప్పింది. చల్లగదిలోకి తీసుకుపోయి చూపించింది. ఒక్క మగ్గిన కాయ పెట్టెలో ఉంటే అది వదిలే ఇథిలీన్ వాయువుకు మిగతావీ మగ్గుతాయి కదా, దాన్నెట్లా కనిపెడతారని అడిగాను. నన్ను ఒకసారి పైనుంచి కిందికి చూసింది.

"మీరేం చదివినారక్కా?"

చెప్పాను. పెట్టెలు మూసేముందు కాయలు పరీక్షించే ఆమె పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయిందట. మనిషి కోసం చూస్తున్నారట. "సోమవారం నుంచి వస్తారా? నిలబడి చూసే పని, రాసే పని. కష్టముండదు. కాకపోతే..." అని నా చేతుల వైపు చూసింది.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఖమర్‌బీని అడిగాను. "మీ ఇంట్లో ఏమీ అనలేదా అక్కా, గాజులు తీస్తే?"

"అనకుండా ఉంటారా? మా అత్త కొన్నాళ్ళు నాతో మాట్లాడిందే లేదు. బతికుండంగనే నా కొడుకును సంపుతాండావు అనె. గాజులు దినామూ ఎక్కీ దిగీ పగిలిపోతాంటే, ఒక సైజు పెద్దవి కొనుక్కుంటి. సర్రుమని వస్తాయి, సర్రుమని పోతాయి. ఆయప్ప బానే ఉండాడు, దిట్టంగా తింటాండాడు." ఆటోలో అందరూ నవ్వారు. ఇంత పెద్ద చిక్కుకు ఒక సైజు పెద్ద గాజులు మందు అని నాకు తట్టనందుకు నేనూ నవ్వాను. ఇంటి మలుపు వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది.

షెడ్డులో పని సంగతీ, అక్కడ గాజులు తీయాలన్న సంగతీ మర్నాడు పగటి భోజనాల దగ్గర చెప్పాను. మా ఆయన కలిపిన ముద్ద అట్లాగే పట్టుకున్నారు.

"ఇంట్లో ఏం తక్కువైంది నీకు?"

"తక్కువై కాదండీ. ఆ పని నాకు నచ్చింది."

"నచ్చేదేంది? అరటికాయలు సూసేది నచ్చిందా? పెరట్లో ఉండాది గదా చెట్టు, సూడు ఎంతసేపైనా."

అత్తయ్య సీతమ్మ మజ్జిగ గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. "పచ్చగా పసుపూ కుంకంతో ఉన్నదానివి. చేతులారా గాజులు తీసేసుకుంటావా? నీకేం కోరికమ్మా ఇది" అంది. ఆమె గొంతులో కోపం కంటే భయమే ఎక్కువగా ఉంది. మామగారు పోయినప్పుడు స్పందన చంకలో ఉంది. పదోరోజు అత్తయ్య గాజులు తీయించినప్పుడు నేను అక్కడే ఉన్నాను.

ఆయన మజ్జిగ పోయించుకుంటూ అన్నారు: "నేను పదిమంది ముత్తైదువులతో నోములు చేయించేవాణ్ణి. నా పెండ్లాం బోసి చేతుల్తో తిరుగుతాంటే నన్నెవరు పిలుస్తారు? అది సరే. బోసి చేతుల్తో వండితే దేవునికి పెట్టేదెట్లా? నేను తినేదెట్లా?"

గిన్నె అంచు మీద అత్తయ్య చెయ్యి. ఎముక తేలిన బోడి మణికట్టు. మా ఇంట్లో నైవేద్యం రోజూ వండేది ఆమే. మడి కట్టుకుని, వేకువనే. నేను చేస్తానన్నా ఒప్పుకోదు. ఆయన విస్తట్లో ఉన్న పప్పు ఆమె చేసిందే, మజ్జిగ ఆమె చిలికిందే. నేను అత్తయ్యను చూశాను. ఆమె కొడుకును చూసింది. ఆయన మజ్జిగన్నం జుర్రుకుంటున్నారు. తానేమన్నారో ఆయనకు తెలియనే తెలియదు. వినికిడి అంత చురుకైన మనిషికి తన మాట తనకు వినబడకపోవడం నాకు ఆశ్చర్యంగా అనిపించింది.

అత్తయ్య ఇంకొంచెం మజ్జిగ పోసి లోపలికి వెళ్ళిపోయింది.  ఆ రోజు పని మటుకు ఏదీ మానలేదు.

సోమవారం తెల్లవారుతూనే మా ఆయన తడిపంచెతో వచ్చి వంటింట్లోకి తొంగిచూశారు. పొయ్యి వెలగలేదు.

"నైవేద్యం యాడమ్మా?"

అత్తయ్య పెరటి మెట్టు మీద కూర్చుని ఉంది, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని. ఆమె చేతులు ఊరికే ఉండగా చూడటం నాకు అదే మొదటిసారి.

"చేయలేదప్పా."

"ఒంట్లో బాగలేదా?"

"బానే ఉండా. బోసి చేతులు గదా నావి. నీ దేవునికి పనికిరావంటివే."

"అయ్యో, నేను నిన్ననలేదమ్మా!"

"మరెవరినంటివి నాయనా? దాని చేతికి ఇంకా ఉండాయి గదా గాజులు. ఈ ఇంట్లో బోసి చేతులు ఇంకెవరివి?"

ఆయన నా వైపు చూశారు. 'నేను చేస్తాను లెండి' అనే మాట నోటిదాకా వచ్చింది, అలవాటుగా. ఆపుకున్నాను. పంతం వల్ల కాదు. ఆ మాట నేను అనకపోతే ఏం జరుగుతుందో చూడాలనిపించింది. ఇన్నేళ్ళలో ఒక్కసారీ చూడలేదు నేను.

జరిగింది ఇదీ. ఆయన కాసేపు నిలబడ్డారు. అల్మారాలో దేనికోసమో వెతికారు. చివరికి బియ్యం డబ్బా మూత తీసి, షెడ్డు కాయలు మగ్గినవి తీసుకున్నారు. మచ్చ ఉన్న పండు దేవుడికి పనికిరాదని ఊరందరికీ చెప్పే మనిషి, ఆ నల్లగీతలను పంచె కొంగుతో తుడిచి తుడిచి చూశారు. అవి పోలేదు. అట్లాగే పట్టుకుని గుడికి పోయారు.

నేను వెళ్ళి అత్తయ్య పక్కన మెట్టు మీద కూర్చున్నాను. ఎన్నో ఏళ్ళుగా అడగాలనుకున్నది, అడగకూడదని తెలిసినదీ ఒకటుంది.

"అత్తయ్యా, గాజులు తీసేశాక మొదట్లో ఎట్లా అనిపించింది మీకు?"

ఆమెకు కోపం వస్తుందనుకున్నాను. జవాబు ఎక్కడ దాచిందో వెతుక్కుంటున్నట్టు కాసేపు పెరట్లోకి చూసింది.

"ఏడుపొచ్చింది. చెయ్యి నాది కానట్టుండె. ఏ పని చేసినా చేసినట్టే లేదు, చప్పుడు లేదే." ఆగింది. "ఆ తర్వాత ఒకనాడు పగటిపూట ఈడ్నే కూర్చుంటి. ఈ మెట్టు మీదనే. ఎంతసేపు కూర్చుంటినో. నన్నెవరూ పిలవలే. నేను యాడుండేది ఎవరికీ తెలీదు గదా! ఎండ ఆ గోడ మీదనుంచి ఈ గోడ మీదికి వచ్చేదాకా సూస్తా కూర్చుంటి. పెండ్లయినంక ఎండను అట్ల సూసింది అదే మొదలు."

గొంతు ఇంకా తగ్గించింది. "శానా బాగుండె శ్రుతీ. మీ మామ పోయిన దుఃఖం దుఃఖమే. అట్ల కూర్చునేదీ బాగుండె. ఇది ఎవరికన్నా చెప్పే మాటా? పాపం గదా. నీకే చెప్తాండా."

 మొగుడు పోతే తప్ప ఆ ఎండ చూసే వీలు లేకపోవడమేమిటని ఆలోచిస్తున్నాను. బతికున్న మనిషి ఎదుటే, పసుపూ కుంకంతోనే, అది చూడలేనా?

గోడ అవతల దూరంగా ఆటో హారన్ వినిపించింది. అత్తయ్య లేచి తొట్టి దగ్గరికి పోయి సబ్బు తీసుకుంది. "ఇట్లా రా" అని నన్ను బట్టలుతికే రాయి మీద కూర్చోబెట్టింది.

"పగలగూడదు. నిదానంగా తీస్తా. నాకు ఎవరూ నిదానంగా తీయలేదు."

సబ్బు నురగలో నా చేతిని తన రెండు చేతుల మధ్య పట్టుకుని, బొటనవేలి ఎముక దగ్గర ఒత్తి, ఒక్కొక్కటే జార్చింది. ప్రొద్దుటూరులో స్పందన, నేనూ కలిసి ఏరుకున్న ఆకుపచ్చ గాజులు. ఒక్కటీ పగల్లేదు. దారం కట్టి పెరటి గోడకున్న మేకుకు తగిలించింది.

"సాయంత్రం ఇవి ఎక్కవులే. ఒక సైజు పెద్దవి తెచ్చుకో. ఆ ఖమర్‌బీ చెప్పినట్టే" అంది. ఆ మాట నేను ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. పచ్చికాయలతో పాటు ఆమెకు ఏమేం చేరుతున్నాయో!

టిఫిన్ డబ్బా తీసుకుని, చీర మీద ఆయన పాత చొక్కా వేసుకుని పెరటి పక్క సందులోంచి వసారాలోకి వచ్చాను. మణికట్టు మీద గాలి తగులుతోంది. అక్కడ గాలి తగులుతుందని నాకు తెలియదు.

మా ఆయన గుడి నుంచి తిరిగొచ్చి, నాకు వీపు పెట్టి నట్టింటి గడప లోపలే నిలబడి ఉన్నారు. ఇల్లంతా చెవి ఒగ్గి వింటున్నారు. వంటింటి వైపు, పెరటి వైపు.

"ఏందిది, ఇంట్లో ఎవరూ లేరా?"

నేను ఆయన వెనకే, చెయ్యి చాస్తే అందేంత దగ్గర ఉన్నాను. తల తిప్పితే కనబడతాను. తిప్పుతారేమోనని కొంచెంసేపు కుతూహలంగానే చూశాను. తర్వాత మెట్లు దిగి ఆటో ఎక్కాను.