రెండు చోట్లా రాస్తుందిలే

పొయ్యి మీద రెండు బాణళ్ళున్నాయి. రెండింట్లోనూ ఒకే బంగాళాదుంపలు, ఒకే నూనె. ఎడమవైపు కూరలో ఉప్పు లేదు, అది మామగారికి. కుడివైపు దానిలో ఉంది, అది మొగుడుగారికి. ఆమెకి ఏది ఇష్టమో ఈ ఇంట్లో ఎవరూ అడిగిన పాపాన పోలేదు. ఏది మిగిలితే అది ఆమె పళ్ళెంలోకి వస్తుంది.

మామగారికి రక్తపోటు ఉందని తేలిన రోజున మొదలైంది ఈ రెండో బాణలి. కూర చప్పగా ఒక్కటే వండి ఉప్పు సీసా బల్ల మీద పెడతాను, కావలసినవాళ్ళు చల్లుకోవచ్చు అంది ఆమె. "పైన చల్లిన ఉప్పు ముక్కకి పట్టదు," అన్నాడు భర్త. "నా ఒక్కడి కోసం ఎవరూ ఇబ్బంది పడద్దు, నేను మజ్జిగ పోసుకుని తినేస్తాను," అన్నారు మామగారు, ఆస్తంతా దానం చేసేస్తున్న గొంతుతో. తండ్రీ కొడుకులు మూతులు ముడుచుకుని కూర్చుంటే అత్తగారు తీర్పు చెప్పారు. "దీనికింత రాద్ధాంతం ఎందుకురా? రెండూ వండుతుందిలే." అంతే, ఇద్దరి మొహాలూ విచ్చుకున్నాయి. ఎవరూ ఎవరికీ తగ్గక్కర్లేకుండా ఇల్లు చల్లబడింది. రెండో బాణలి తోమే చేతుల సంగతి ఆ తీర్పులో లేదు.

ఇప్పుడు కూర కలుపుతున్న ఆమె చెవుల్లో ఆఫీసు మీటింగు నడుస్తోంది. ఆమె పని చేసేది ఒక ఆపరేటింగ్ సిస్టమ్‌కి. దాన్ని ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, విప్పి చూడవచ్చు, తమకు కావలసినట్టు మార్చుకోవచ్చు. అందులో ప్రోగ్రాములు రాసేవాళ్ళంతా మగవాళ్ళు. వాటిని ఎలా వాడుకోవాలో మనుషుల భాషలో రాసేది ఆమె ఒక్కతే. ప్రతి ప్రోగ్రాముకీ ఒక సెట్టింగుల ఫైలు ఉంటుంది. ఏ సెట్టింగు ఏం చేస్తుందన్న వివరం ఎక్కడ రాయాలనేది ఆ బృందంలో పాత తగువు. ఆ ఫైల్లోనే, సెట్టింగు పక్కనే రాయాలంటాడు బృందం పెద్ద, అందరూ పెద్దన్న అని పిలిచేవాడు. కాదు, విడిగా మాన్యువల్లోనే ఉండాలంటాడు మెరుపు. మెరుపులా ప్రోగ్రాము రాసేసి, ఏం రాశాడో ఒక్క ముక్కా చెప్పకుండా మాయమైపోతాడు గనక అతనికా పేరు. ఇద్దరూ నెలల తరబడి మెయిళ్ళలో కొట్టుకుని, చివరికి చాలా పెద్దమనసుతో రాజీకొచ్చారు. రెండు చోట్లా రాస్తుందిలే అన్నారు.

అప్పట్నుంచీ ఆమె ప్రతి వాక్యాన్నీ రెండుసార్లు రాస్తోంది. మెరుపు ఏదైనా మారిస్తే, ఆ మార్పుని తనే కనిపెట్టి, రెండు చోట్లా దిద్దుతోంది. అలా దిద్దినా కొంప మునిగింది.

మునిగింది ఈ సిస్టమ్ వాడే ఒక రక్తపరీక్షల ల్యాబ్‌లో. పాత రిపోర్టులని ఎన్నాళ్ళు దాచాలో చెప్పే సెట్టింగు ఒకటుంది. మనం ఏమీ చెప్పకపోతే అది మొదట్లో దేన్నీ చెరిపేది కాదు. మెరుపు దాన్ని, నెల దాటినవి చెరిపేసేలా మార్చాడు. ఆమె పసిగట్టి, ఫైల్లోనూ మాన్యువల్లోనూ సరిచేసింది. కానీ ల్యాబ్ నడిపే ఆవిడ తన ఫైల్లో వేరే ఏదో సెట్టింగు ఎప్పుడో సొంతంగా మార్చుకుంది. యజమాని చెయ్యి పెట్టిన ఫైలుని కొత్త వెర్షన్ ముట్టుకోదు, అది మర్యాద. అందువల్ల కొత్త ప్రోగ్రాము వచ్చింది, ఫైల్లో మాత్రం "దేన్నీ చెరపదు" అన్న పాత వాక్యమే మిగిలిపోయింది. అది ఆమె రాసిన వాక్యమే. ఆవిడ దాన్ని నమ్మింది. రోగుల పాత రిపోర్టులన్నీ పోయాయి.

"ఫైల్లో ఒకటి, మాన్యువల్లో ఒకటి ఉంటే వాడేవాళ్ళు ఏది నమ్మాలమ్మా?" అంటున్నాడు పెద్దన్న చెవిలో.

"అందుకే ఒక్కచోటే ఉండాలంటున్నానండి. ఫైల్లో ఒక్క లైను పెడదాం, వివరాలకి మాన్యువల్ చూడమని. సెట్టింగు మార్చినవాళ్ళే మాన్యువల్లో కూడా రాసి, రెండూ కలిపి పంపాలి."

"మేడం, మీలా రాయడం మాకెక్కడొస్తుంది?" నవ్వాడు మెరుపు. "మీ చెయ్యి పడితేనే దానికో అందం."

"అదీ నిజమే," అన్నాడు పెద్దన్న. "రెండు చోట్లా ఉండనీ. కాస్త జాగ్రత్తగా రాయి. నీకెంతసేపు?"

మీటింగు అయిపోయింది. ఆమె గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నీకెంతసేపు. ఇంట్లో మొగుడిదీ అదే మాట. చొక్కా ఇస్త్రీ చెయ్యడం నీకెంతసేపు, మా చెల్లెలికి ఫోన్ చేసి నేను రానని చెప్పడం నీకెంతసేపు. తన చేతికి మట్టి అంటకూడదనుకున్న ప్రతి మనిషీ ఆమె చేతుల్ని పొగిడాడు. ఆ చేతి వంట ఎవరికీ రాదని భర్త నలుగురిలో అన్నప్పుడల్లా ఆమె మురిసిపోయి, మర్నాడు ఇంకో కూర ఎక్కువ వండింది. మీలా ఎవరు రాయగలరని వీళ్ళన్నప్పుడల్లా సెలవు రోజున కూడా కూర్చుని రాసింది. తల్చుకుంటే వాళ్ళని చూసి ఎంత రోత పుట్టిందో, మురిసిన తనని చూసి అంతకంటే ఎక్కువ పుట్టింది. ఎవరో నమిలి ఉమ్మినదాన్ని ప్రసాదమని కళ్ళకద్దుకున్నట్టుంది. ల్యాబ్ ఆవిడకి క్షమాపణ రాయమని కూడా రేపోమాపో తనకే చెబుతారు. బాగా రాస్తుంది కదా.

కుడి బాణలి మాడు వాసన వేసింది. పొయ్యి కట్టేసింది.

"నా కూర మాడ్చావా?" అన్నాడు భర్త ముందు గదిలోంచి.

"మాడింది. ఇంకోటుంది, చప్పగా."

"మళ్ళీ వెయ్యి మరి. రెండు దుంపలు తరగడం నీకెంతసేపు?"

ఆమె వెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చుంది. కొత్త వెర్షన్ బయటికి వెళ్ళాలంటే ప్రతి మార్పుకీ ఆమె "సరే" అని కొట్టాలి. తప్పు జరిగితే ఒకరు బాధ్యులుండాలని పెద్దన్నే ఆ నియమం పెట్టాడు. ఇంతవరకూ ఆమె దేన్నీ ఆపలేదు. ముందు సెట్టింగుల ఫైల్లోంచి తన వాక్యాలన్నీ తీసేసి, మాన్యువల్ చూడమని ఒక్క లైను ఉంచింది. తర్వాత రిపోర్టులు దాచే ఆ సెట్టింగు మీదే మెరుపు పంపిన కొత్త మార్పు తెరిచి, "మాన్యువల్ రాయలేదు" అని వెనక్కి పంపింది.

పెద్దన్న ఫోన్ చేశాడు. "వెర్షన్ ఆగిపోతుందమ్మా."

"ఆగనివ్వండి. రెండు లైన్లు రాయడం ఆయనకెంతసేపు?"

పెద్దన్న ఫోన్ పెట్టేశాడు.

మెరుపు రెండు లైన్లు పంపాడు. "పాతవి పోతాయి. కావాలంటే మార్చుకోండి. మేడం, ఇది కాస్త సరిచేసి పెట్టండి." ఏవి పాతవి, ఎప్పుడు పోతాయి, ఎక్కడ మార్చుకోవాలి, ఏమీ లేదు. ఉండాల్సిన వాక్యం కామాతో సహా ఆమెకి అప్పుడే తట్టేసింది. వేళ్ళు కీబోర్డు మీదికి వాటంతటవే వెళ్ళాయి. వాటిని వెనక్కి లాక్కోవడమే ఆ రోజు మొత్తానికి కష్టమైన పని. చివరికి ఇలా జవాబిచ్చింది: "ల్యాబ్ ఆవిడ చదివితే తన రిపోర్టులు ఏ రోజు పోతాయో తెలియాలి. తెలిసేదాకా రాయండి."

మళ్ళీ పంపాడు, వెనక్కి పంపింది. ఇంకోటి పంపాడు, అదీ వెనక్కి పంపింది. వంటింట్లో భర్త ఒక్కో గిన్నె మూతా తీసి చూస్తున్న చప్పుడు వినపడుతోంది. ఆమె లేవలేదు.

ఈసారి మెరుపు దగ్గర్నుంచి మాన్యువల్ రాలేదు. ఒక్క ముక్క మాత్రం వచ్చింది. "మేడం, దీనికి చాలా టైం పడుతోంది."

ఆమె పని గురించి ఆ బృందంలో ఒకరు రాసిన మొదటి నిజం అది. మార్పుని అలాగే ఆపి ఉంచి, ఆ ముక్కకి మాత్రం ఒక్క అక్షరం కూడా దిద్దకుండా "సరే" అని కొట్టింది.